టిప్పు కత్తెర పట్టిన చేతికా, కౌంటరు వెనుక కూర్చున్న వారికా?

ఈ సాయంత్రం నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక ఏసీ సెలూన్‌లో క్షవరం చేయించుకుని ఇప్పుడే ఇంటికి చేరాను. స్నానం చేసే వరకు ఇంట్లో ఏ వస్తువునూ ముట్టుకోరాదని మా ఆవిడ ఆజ్ఞ కనుక, వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెడ మీద వెంట్రుకలు గుచ్చుకుంటూ ఉండగానే ఇది రాస్తున్నాను. స్నానం చేస్తే కోపం చల్లారిపోతుందేమోనన్న అనుమానం కూడా ఉంది. అది అప్పుడే చల్లారడం నాకు ఇష్టం లేదు.

జరిగినది చిన్న సంగతే. కటింగుకు 450 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ, మొత్తం 472 రూపాయల 50 పైసలు. నేను ఫోను బయటికి తీయగానే కౌంటరు దగ్గరి అమ్మాయి, నా వెనుక మరి కొందరు నిలబడి వింటూ ఉండగా, “స్టైలిస్టుకు టిప్పు ఎంత కలపమంటారు సార్, యాభయ్యా, వందా, నూట యాభయ్యా?” అని అడిగింది. సున్నా అన్న అంకె ఆ వరుసలో లేదని దయచేసి గమనించండి. యాభై అన్నాను, స్కాన్ చేశాను, నా దాతృత్వాన్ని సౌండ్ బాక్సు షాపంతటికీ చాటింది. చెప్పులు వేసుకుంటుండగా నాకు కటింగ్ చేసిన కుర్రవాడు ఎదురుపడితే, విషయం అతనికి తెలియాలి కదా అని, “నీ యాభై కౌంటర్లో ఇచ్చాను నాయనా” అన్నాను. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “ఆ స్కానర్ ఓనరుది సార్, మా దాకా రాదు” అన్నాడు.

కుర్రవాడి ప్రస్తావన తేకుండా మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఈ టిప్పు ఎవరికి చేరుతుందని మేనేజరును అడిగాను. “టీమ్ వెల్ఫేర్‌కి సార్” అన్నాడు. టీము అంటే ఎవరని అడిగితే ఏసీ వైపు చూశాడు. బహుశా దానికే కాబోలు. బయటికి వచ్చి, మెట్ల దగ్గర ఆ కుర్రవాడి చేతిలో మరో యాభై నోటు పెట్టి వచ్చాను. అంటే ఒక క్షవరానికి రెండు టిప్పులు చెల్లించాను, అందులో ఒకటి కత్తెర ఎలా పట్టుకోవాలో కూడా తెలియని మనిషికి.

ఇదే షాపు లెక్కల చాతుర్యాన్ని కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. సెలూన్ల మీద జీఎస్టీ 18 శాతం ఉన్న రోజుల్లో వీరి కటింగు ధర 400. పన్ను 72 కలిపితే 472 అయ్యేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్నును 5 శాతానికి తగ్గించారు. జనం సంతోషించారు. ఇప్పుడు ధర 450, పన్ను 22 రూపాయల 50 పైసలు, మొత్తం 472.50. ప్రభుత్వం పన్ను తగ్గించిన పుణ్యాన నేను అర్ధ రూపాయి ఎక్కువ కడుతున్నాను. కొత్త విధానంలో సెలూన్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకుల మీద తాము కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) లేదు కనుక ధర పెంచక తప్పదని వివరించడానికి మన ఆడిటర్ మిత్రులు ఒకరిద్దరు తప్పకుండా వస్తారు. రండి. ఆ పెరిగిన యాభైలో ఆ కుర్రవాడి జీతానికి ఎంత కలిసిందో కూడా వివరించి వెళ్ళండి.

టిప్పు ఇవ్వడం గురించి నాకు ఏ పేచీ లేదు. ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. గంటల తరబడి నిలబడి, మనిషి చెవుల పక్కన పదునైన కత్తి ఆడించి, గాటు పడకుండా పంపించేవారికి ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తాము? కానీ ఇచ్చేది పని చేసిన మనిషికి ఇవ్వాలి. యజమాని తన పనివారికి ఇవ్వవలసిన జీతంలో కోత పెట్టుకుని, ఆ గుంట పూడ్చే భారాన్ని నా మొహమాటం మీద వేసి, చివరికి ఆ మొహమాటపు డబ్బును కూడా తానే జేబులో వేసుకుంటే దానిని టిప్పు అనరాదు. ఎగ్జిబిషన్‌లో జేబు కొట్టేవాడు కనీసం “ఎంత కలపమంటారు సార్” అని అడగడు.

“అమెరికాలో అంతా ఇలాగే ఇస్తారు సార్” అని మేనేజరు మరో ముక్క కూడా అన్నాడు. మనకు కావలసినప్పుడు మాత్రమే అమెరికా గుర్తుకు వస్తుంది. అక్కడ సెలూన్లలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ, నిజమే. టిప్పులు అందుకునే ఉద్యోగులకు అక్కడి కేంద్ర చట్టం ప్రకారం యజమాని నేరుగా చెల్లించవలసిన కనీస వేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లే, అది 1991 నుంచి మారలేదు. మిగతా కనీస వేతనం టిప్పుల రూపంలో నిండకపోతే యజమానే నింపాలి. అది గొప్ప పద్ధతి అని నేను అనను. కానీ అదే దేశంలో, ఉద్యోగులకు వచ్చిన టిప్పును యజమాని గానీ మేనేజరు గానీ ఉంచుకోరాదని 2018లో చట్టమే చేశారు. బ్రిటన్‌లోనూ 2023లో చట్టం చేసి, 2024 అక్టోబరు 1 నుంచి టిప్పు మొత్తం పనివారికే చేరాలన్న నియమాన్ని అమలులోకి తెచ్చారు. ఇరవై శాతం అడిగే అలవాటు మాత్రం సముద్రాలు దాటి మాగుంట లేఅవుట్‌కు వచ్చింది గానీ, ఆ చట్టానికి ఎందుకో వీసా దొరకలేదు.

మన దగ్గర హోటళ్ళు బిల్లులో సర్వీస్ చార్జీని వాటంతట అవే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మార్గదర్శకాలు హోటళ్ళ గురించి కదా అని ఈ సెలూన్ల ధైర్యం. పైగా వీరు కలపరు, అడుగుతారు. నలుగురి ముందు అడుగుతారు. కలిపితే తగాదా పెట్టుకోవచ్చు, అడిగితే పిసినారి అనిపించుకోవాలి.

ఇక ఎంత ఇవ్వాలన్న ప్రశ్న. శాతాల లెక్క నాకు మొదటి నుంచీ నచ్చదు. ఏసీ షాపు బిల్లులో సగం దాకా గది అద్దె, కరెంటు, సోఫా, గోడ నిండా అద్దాలు, పేరు చూసి బెదిరిపోవలసిన ఆ షాంపూ ఖర్చు ఉంటాయి. వాటి మీద శాతం కట్టి ఇస్తే ఆ సోఫాకు కూడా టిప్పు ఇచ్చినట్లే. నేను మనిషి నిలబడిన కాలాన్ని బట్టి ఇస్తాను. అరగంట కటింగుకు ఏసీ షాపులో యాభై, రంగు వేయడానికి రెండు గంటలు నిలబడితే వంద. స్టోన్‌హౌస్‌పేట, వేదాయపాళెం వైపు మామూలు షాపుల్లో కటింగు 120 అయితే ఇరవై తగ్గకుండా ఇస్తాను. ఇరవై చిన్న మొత్తమని నవ్వేవారు ఈ సంగతి వినాలి: అటువంటి షాపుల్లో చాలా చోట్ల కుర్చీ దగ్గర నిలబడే మనిషికి, షాపు యజమానికి సగం సగం పంపకం. 120లో అతనికి దక్కేది అరవై. మీరు చేతిలో పెట్టే ఇరవై అతని కూలిలో మూడో వంతు. మనలో ఎవరి జీతానికైనా మూడో వంతు బోనసు ఎప్పుడైనా వచ్చిందా?

“నాయీ బ్రాహ్మణులకు ప్రభుత్వమే డబ్బు ఇచ్చింది కదా, ఉచిత కరెంటు కూడా ఉంది కదా” అని రాయబోయే వారు అక్కడే ఆగండి. 2020 జూన్‌లో ‘చేదోడు’ పేరుతో ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టినది సొంత షాపు ఉన్నవారికి. ఉచిత యూనిట్లు మీటరు ఎవరి పేరున ఉంటే వారికి. ఒకరి షాపులో కుర్చీ పక్కన నిలబడి సగం కూలికి పని చేసేవాడి పేరున షాపూ లేదు, మీటరూ లేదు.

ఆ మామూలు షాపుల్లో కూడా పాత పద్ధతి ఫోను వచ్చి చెడింది. ఒకప్పుడు ఎనభై రూపాయల కటింగుకు వంద నోటు ఇచ్చి, “ఉంచుకోబ్బా” అని లేచి వచ్చేవాళ్ళం. ఎవరూ అడగలేదు, ఎవరూ లెక్క చూడలేదు, ఎవరి పరువూ పోలేదు. ఇప్పుడు పైసా తేడా లేకుండా ఫోన్‌పే చేసి, ధర్మరాజులా తల ఎత్తుకుని బయటికి నడుస్తున్నాము. ఆ స్కానరు కూడా యజమానిదే. అందువల్ల పనివాడికి ఆ మిగులు చిల్లర పూర్తిగా పోయింది. క్షవరానికి వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో ఒక ఇరవై నోటు వేసుకుని వెళ్ళడం అంత కష్టమైన పని కాదు. మా ఆవిడ పార్లరుకు వెళ్ళినప్పుడల్లా పర్సులో విడిగా నోట్లు పెట్టుకుని వెళ్ళి, కనుబొమలు తీసిన అమ్మాయి చేతిలోనే పెట్టి వస్తుంది. ఈ విషయంలో ఆడవారికి ఉన్న తెలివి మనకు లేదు.

టిప్పు అనేది పాశ్చాత్య అలవాటు, మన సంస్కృతిలో లేదు అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. ఏ ఊరు ఆయనది? కోవూరు వైపు మా ఊరిలో కోతలు అయ్యాక కళ్ళంలో అందరి వడ్లూ కొలిచినట్లే క్షవరం చేసే ఆయనకు మేర, అంటే ఆయన పనికి ఇచ్చే ధాన్యం వాటా, కొలిచేవారు. పెళ్ళికి బట్టలు పెట్టేవారు, పుట్టువెంట్రుకలు తీసినప్పుడు బియ్యం, డబ్బు ఇచ్చేవారు, ఆ క్షవరం ఆయన ఇంటివారే మేళం కూడా వాయిస్తే దానికి వేరే ఇచ్చేవారు. అయితే ఆ రోజులను తలచుకుని మురిసిపోవలసినది కూడా ఏమీ లేదు. డెబ్బై ఏళ్ళ మనిషిని పదేళ్ళ పిల్లవాడు “ఒరేయ్” అని పిలిచేవాడు, ఆయన గడప బయటే కూర్చుని గీసేవాడు, మేర తక్కువ కొలిచినా నోరెత్తేవాడు కాదు. గింజలు ఇచ్చారు, మర్యాద ఇవ్వలేదు. ఇప్పుడు సార్ అని ఇటూ, బ్రదర్ అని అటూ మర్యాద పెరిగింది, గింజలు మాత్రం కౌంటరు దగ్గర మాయమవుతున్నాయి.

అమెరికా ప్రస్తావన వచ్చింది కనుక ఇంతకాలం గొంతులో అడ్డుపడి ఉన్న మాట కూడా చెప్పేస్తాను. మా పెదనాన్నగారు పోయినప్పుడు డాలస్‌లో ఉండే మా బావగారు వచ్చారు. పదో రోజు తెల్లవారకముందే పెన్నా ఒడ్డుకు మూలాపేట నుంచి ఒక పెద్దాయనను పిలిపించాము. చలిలో, నీళ్ళలో చేతులు తడుపుకుంటూ, కొడుకులకూ మనుమలకూ అందరికీ గుండ్లు గీశారు. పిల్లలు ఏడుస్తుంటే ఊరడించారు, చేతులు వణికే మా బాబాయిని తన మోకాలికి ఆనించుకుని గీశారు. ముందుగా మాట్లాడుకున్నది 1,500. పని అయ్యాక మా బావగారు, “చిన్నపిల్లలకు సగమే కదా” అని కొత్త లెక్క తీసి 1,300 చేతిలో పెట్టారు. పెద్దాయన ఆ నోట్ల వైపు చూసి ఏమీ అనలేదు. కర్మ జరిగే చోట బేరం ఆడడానికి ఆయనకు నోరు రాలేదు. తడి పంచెతో ఉన్న నాకు జేబు లేదు. ఒడ్డున ఉన్న చొక్కా కోసం నేను వెళుతుంటే, “మీరు ఆగండి బావా, వీళ్ళకు అలవాటు చేయకండి” అని మా బావగారు హితవు చెప్పారు.

ఆ మధ్యాహ్నమే, భోజనాల బంతిలో కూర్చుని, డాలస్‌లో 40 డాలర్ల కటింగుకు తాను 8 డాలర్ల టిప్పు ఇస్తానని, శ్రమకు గౌరవం ఇవ్వడం అక్కడివారిని చూసి నేర్చుకోవాలని, మనవాళ్ళకు ఆ సంస్కారం ఎప్పుడు వస్తుందో అని ఆయన వాపోయారు. వడ కొరుకుతూ వాపోయారు. అక్కడ ఇవ్వకపోతే ఆ సెలూన్ వాళ్ళు మరోసారి మొహం చూడరు కనుక ఇస్తారు; ఇక్కడ ఇవ్వకపోయినా పెద్దాయన మరో కర్మకు పిలిస్తే వస్తారు కనుక ఇవ్వరు. దీనికి శ్రమ గౌరవం అని పేరు పెట్టుకుంటే ఎవరు కాదంటారు?

తరువాత ఒకనాడు నేనే ఆ రెండు వందలూ తీసుకుని పెద్దాయన షాపుకు వెళ్ళాను. ఆయన తీసుకోలేదు. “మాట మీ బావగారితో కదయ్యా, మధ్యలో మీరెందుకు ఇస్తారు?” అన్నారు. బలవంతం చేస్తే కత్తెర పక్కన పెట్టి నా వైపు చూశారు, నేను నోటు మడిచి జేబులో పెట్టుకున్నాను. గడ్డం గీయించుకున్నాను, ధర మీద ఇరవై ఇస్తే దానిని మాత్రం తీసుకున్నారు.

ఈ పోస్టును మా బావగారు చూస్తారు. చూడాలనే బంధువుల గ్రూపులో కూడా పెడుతున్నాను. వచ్చే నెలలో ఆయన మళ్ళీ ఊరికి వస్తున్నారని తెలిసింది. బావగారూ, ఆ షాపు మూలాపేటలోనే ఉంది, మంగళవారం తప్ప అన్ని రోజులూ తీసే ఉంటుంది, అక్కడ స్కానరు లేదు కనుక రెండు వందలు నోట్లుగా తెచ్చుకోండి.