పసుపు ముద్ద, వెనక్కి లాగిన ఫిరంగులు

ఖడ్గతిక్కన కథ మనలో చాలామంది బడిలోనే విన్నాం. పదమూడో శతాబ్దం, నెల్లూరు సీమ. పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర రాజు మనుమసిద్ధికీ, కాటమరాజుకీ పేచీ వచ్చి యుద్ధం దాకా పోయింది. సేనాపతి తిక్కన. బలగమంతా పోయి ఇంటికి తిరిగొచ్చాడు. స్నానానికి వెళితే భార్య మంచం అడ్డుపెట్టి, నీళ్ల పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటంటే, ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్లమయ్యాం కదా అంది. అన్నానికి కూర్చుంటే విరిగిన పాలు పోశారు. నువ్వూ విరిగొచ్చావు, పాలూ విరిగాయి అని దెప్పింది తల్లి. తిక్కన ఆ అన్నం తిన్నాడో లేదో గానీ, మళ్లీ యుద్ధానికి వెళ్లి చచ్చిపోయాడు.

మా మాస్టారు ఈ కథ చెప్పినప్పుడు పసుపు ముద్ద దగ్గర క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. బలగం లేని సేనాపతి ఒంటరిగా అక్కడే ఉండి చేసేదేముంది, తిరిగొచ్చి మళ్లీ మనుషుల్ని కూడగట్టుకోవడమే కదా అతని ఉద్యోగం అని ఎవరూ అడగలేదు. ఆ చాటుపద్యాల్లో చరిత్ర ఎంతో కల్పన ఎంతో పక్కన పెడదాం. ఇన్ని వందల ఏళ్లు అవి నోళ్లలో నానాయంటే, వాటి తీర్పు మనకు నచ్చిందనేగా. ముందుకెళ్లి చచ్చినవాడు వీరుడు, వెనక్కొచ్చి ఆలోచించేవాడు మూడో ఆడది. బొబ్బిలి కథ చెప్పుకున్నా, పల్నాటి కథ చెప్పుకున్నా మన గొంతు పూడుకుపోయేది చావు దగ్గరే. గెలుపు దగ్గర కాదు.

ఈ కొలబద్ద పట్టుకుని గత శతాబ్దపు సేనాపతుల్ని కొలిస్తే ఒకాయన దగ్గర అది పనికిరాకుండా పోతుంది. వియత్నాం జనరల్ వో గుయెన్ జియాప్. ఆయన చేసిన యుద్ధాల గురించి చెప్పేవాళ్లంతా 1954 మే 7 గురించి చెబుతారు. ఆ రోజు డియెన్ బియెన్ ఫు అనే లోయలో, వియత్నాంను వలసగా ఏలుతున్న ఫ్రెంచివాళ్ల సైన్యం చేతులెత్తేసింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద రోజు అదే ఏడాది జనవరి 26. ఆ రోజు ఒక్క గుండు పేలలేదు. పేలాల్సినవాటిని జియాప్ ఆపేశాడు.

ఈయన ఏ మిలిటరీ అకాడమీలోనూ చదవలేదు. 1911లో క్వాంగ్ బిన్ రాష్ట్రంలో పుట్టాడు, లా చదివాడు, హనోయిలో ఒక ప్రైవేటు బడిలో చరిత్ర పాఠాలు చెప్పాడు. మొదటి భార్య ఫ్రెంచివాళ్ల జైల్లో చనిపోయింది. 1944 డిసెంబరు 22న అడవిలో 34 మందితో ఒక దళం మొదలుపెట్టాడు. ఆ దళమే తర్వాత వియత్నాం సైన్యమైంది. ఇక్కడిదాకా వింటే ఇంకో విప్లవవీరుడి కథలాగే ఉంటుంది. కానీ 1951లో ఈ పంతులుగారు మూడుసార్లు గట్టిగా దెబ్బతిన్నాడు. ఎర్ర నది డెల్టాలో విన్ యెన్, మావో ఖే, డే నది. మైదానంలో, విమానాల కింద జనాన్ని ముందుకు తోశాడు. ఫ్రెంచి విమానాలు నాపామ్ అనే అంటుకుపోయే మంటల బాంబులు కురిపించాయి. 1952 చివర్లో నా సాన్ అనే కొండల నడుమ శిబిరం మీద పడి మళ్లీ వెనుదిరిగాడు. జనవరి 26ను అర్థం చేసుకోవాలంటే ఈ ఓటముల్ని గుర్తుంచుకోవాలి.

నా సాన్‌లో పనికొచ్చిన ఉపాయాన్నే ఫ్రెంచివాళ్లు పెద్ద ఎత్తున మళ్లీ వేశారు. హనోయికి 300 కిలోమీటర్ల దూరాన, లావోస్ సరిహద్దు పక్కన ఉన్న డియెన్ బియెన్ ఫు లోయలో 1953 నవంబరు 20న పారాట్రూపర్లను దించారు. చుట్టూ కొండలు, మధ్యలో ఎయిర్‌స్ట్రిప్. తిండీ తూటాలూ అన్నీ విమానాల్లోనే రావాలి. ట్యాంకుల్ని కూడా విడదీసి విమానాల్లో తెచ్చి అక్కడే బిగించుకున్నారు. శత్రువు వస్తే కొండల మీద నుంచి రావాలి, వస్తే మన ఫిరంగులు నుగ్గు చేస్తాయి అన్నది వాళ్ల ధీమా. ఆ ధీమాకు ఒక లెక్కుంది. రెండు టన్నుల పైన బరువుండే 105 మిల్లీమీటర్ల ఫిరంగిని రోడ్డు లేని కొండ మీదకు ఎవడు ఎక్కిస్తాడు?

జియాప్ మనుషులు ఎక్కించారు. చేతులతో, తాళ్లతో. చైనా నుంచి వచ్చిన అమెరికన్ ఫిరంగులవి. ట్రక్కులు పోగలిగినంత దూరం పోయాయి, ఆ పైన మనుషులే. ఒక్కో ఫిరంగికి పదుల మంది తాళ్లు పట్టుకుని లాగడం, జారకుండా చక్రం కింద కొయ్య దిమ్మ పెట్టే మనిషి పక్కనే నడవడం. రాత్రిళ్లే పని. తెల్లారితే ఆకులు కప్పి దాచేయాలి. మన ఊళ్లలో రథోత్సవం రోజు మలుపు దగ్గర రథచక్రం కింద దిమ్మ వేసేవాణ్ని చూసినవాళ్లకు ఆ మనిషి ప్రాణం ఎక్కడుంటుందో తెలుసు. ఇక్కడ రథవీధి లేదు, ఒక పక్క లోయ.

వారం రోజులకు పైగా ఇలా లాగాక అంతా సిద్ధమైంది. మూడు రాత్రులు, రెండు పగళ్లలో ముగించాలన్నది ప్లాను. జియాప్ అక్కడికి చేరకముందే ఆయన అధికారులూ, చైనా సలహాదారులూ కలిసి గీసిన ప్లాను అది. జనవరి 25 ముహూర్తం, దాన్ని ఒక రోజు జరిపారు. సైనికులు ఉత్సాహం మీదున్నారు. ఆ రాత్రి జియాప్‌కు నిద్ర పట్టలేదు. తలనొప్పి. వైద్యుడు ఏదో ఆకు నుదుటికి కట్టు కట్టాడు. తెల్లారి చైనా సలహాదారు వేయ్ గుయోచింగ్ వచ్చేసరికి సేనాపతి తలకు ఆకుకట్టుతో కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి జియాప్ తానే తర్వాత చెప్పుకున్నాడు.

ఆయన బెంగ మూడు విషయాల మీద. తన సైన్యం అంతవరకు ఇంత పెద్ద కోటకట్టు శిబిరాన్ని ఎప్పుడూ పగలగొట్టలేదు, నా సాన్‌లో అది తేలిపోయింది. ఫిరంగీ, కాల్బలమూ కలిసి ఇంత పెద్ద ఎత్తున పోరాడిన అలవాటే లేదు. రాత్రిపూట కొట్టి తెల్లారేలోపు అడవిలో కలిసిపోవడం తెలిసినవాళ్లు, ఇప్పుడు దాదాపు 18 కిలోమీటర్ల పొడవున్న లోయలో పట్టపగలు ట్యాంకుల ముందు నిలబడాలి. మూడింటిలో ఒక్కటీ ధైర్యానికి సంబంధించింది కాదు. ధైర్యం కావలసినంత ఉంది, 1951లో దాని ఖరీదెంతో చూశాడు.

వేయ్‌ను ఒప్పించాక కమాండర్లతో మీటింగ్. అక్కడ వాదన జరిగింది. ఇన్నాళ్లు లాగి, ఇంత మందిని ఊరించి, ఇప్పుడు వద్దంటే సైనికులకు ఏం చెప్పాలి? న్యాయమైన ప్రశ్నే. నూటికి నూరుపాళ్లు గెలుస్తామని మీలో ఎవరైనా చెప్పగలరా అని జియాప్ అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. దాడి రద్దు. ఫిరంగులు మళ్లీ వెనక్కి. తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం అదేనని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఒక్క క్షణం ఆ తాళ్లు పట్టుకున్నవాళ్ల వైపు నుంచి చూడండి. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కొట్టబోతున్నాం అనుకున్న సాయంత్రం, అదే దారిలో, అదే బరువు, ఈసారి కిందకు. కారణం చెప్పేవాళ్లు లేరు, రహస్యం కదా. పైగా ఫ్రెంచివాళ్లకు అనుమానం వచ్చి దారుల మీద గుండ్లు వేస్తున్నారు. ఈ తిరుగు ప్రయాణంలోనే, ఫిబ్రవరి 1న, ఒక విమాన విధ్వంసక తుపాకీ తాడు తెగి లోయ వైపు జారింది. తో విన్ డియెన్ అనే యువకుడు దాని చక్రం కింద అడ్డంగా పడ్డాడు. తుపాకీ ఆగింది, అతను చనిపోయాడు.

దాడి రద్దయిన రోజు నుంచి 46 రోజులు. అసలు యుద్ధం ఈ 46 రోజుల్లోనే జరిగిందంటాను. కొత్త దారులు వేశారు. లోయ వైపు చూసే కొండ వాలుల్లో గుహలు తవ్వి ఒక్కో ఫిరంగినీ విడివిడిగా లోపల పెట్టారు, పైనుంచి విమానానికి కనపడదు. బియ్యం కోసం లక్షల మంది కూలీలు కదిలారు. దాదాపు 20 వేల సైకిళ్లు. అందులో ఫ్రాన్సులో తయారైన ప్యూజో సైకిళ్లూ ఉన్నాయి, తమ మీదకు వచ్చే తూటాలను తమ సైకిలే మోసుకొస్తోందని పాపం ఆ ఫ్రెంచి సైనికుడికేం తెలుసు. సీటు దగ్గర ఒక వెదురు బొంగు నిలబెట్టి, హ్యాండిల్‌కు ఇంకో బొంగు కట్టి, మనిషి పక్కన నడుస్తూ తోస్తే ఒక్క సైకిలు 200 కిలోల పైన మోసేది. ఏ వీరగాథలోనూ సైకిలు టైరుకు పాతగుడ్డ చుట్టేవాడి మీద పద్యం ఉండదు.

మార్చి 13 సాయంత్రం ఫిరంగులు మోగాయి. ఆ రాత్రికే మొదటి కొండశిబిరం పోయింది. వియత్నాం ఫిరంగులు మూడు గుండ్లు పేల్చేలోపు వాటి నోరు మూయిస్తానని బీరాలు పలికిన ఫ్రెంచి ఫిరంగిదళం అధిపతి కర్నల్ పిరోకు, గుండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా దొరకలేదు. ఒంటిచేతి మనిషి ఆయన. రెండు రోజుల్లో తన బంకర్లోకి వెళ్లి గ్రెనేడ్‌తో ప్రాణం తీసుకున్నాడు. నెలాఖరుకు ఎయిర్‌స్ట్రిప్ పనికిరాకుండా పోయింది. 56 రోజులకు అంతా అయిపోయింది. మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి. అక్కడ కుదిరిన ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే.

జియాప్‌ను మెత్తని మనిషి అనుకోవద్దు. డియెన్ బియెన్ ఫులో తన వైపు చనిపోయినవాళ్లు వియత్నాం అధికారిక లెక్కలోనే 4 వేల పైమాట, ఫ్రెంచివాళ్ల అంచనా దానికి రెట్టింపు. పట్టుబడ్డ 10 వేల మందికి పైగా ఖైదీల్లో ఎక్కువమంది ఇంటికి తిరిగి వెళ్లలేదు. నడకలో, క్యాంపుల్లో పోయారు. జనవరిలో ఆగినవాడు మార్చి, ఏప్రిల్‌లలో మనుషుల్ని కాపాడుకున్నాడని కాదు. ఓడిపోయే చోట వాళ్లను ఖర్చుపెట్టలేదు, అంతే.

ఆగడమే గొప్ప అని కూడా నేననడం లేదు. అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ మెక్లెలన్ ఉన్నాడు. 1862 సెప్టెంబరు 13న శత్రు సేనాపతి లీ రాసిన ఆదేశాల కాగితం, మూడు చుట్టల చుట్టూ చుట్టి పారేసింది, ఆయన చేతికి దొరికింది. అవతలి సైన్యం ఎక్కడెక్కడ చీలి ఉందో అందులో ఉంది. ఇంతకంటే ఏం కావాలి? ఆయన మర్నాటిదాకా కదల్లేదు. శత్రువు బలం ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువ లెక్కేసుకునే జబ్బు ఆయనకు. నవంబరులో లింకన్ పదవి ఊడబీకాడు. జియాప్ ఆగిన 46 రోజుల్లో దారులు, గుహలు, బియ్యం ఉన్నాయి. మెక్లెలన్ ఆగిన గంటల్లో భయం తప్ప ఇంకేమీ లేదు.

మన దగ్గర 1971 ఉంది. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లమంటే సైన్యాధిపతి మానెక్‌షా కుదరదన్నాడనీ, వానలొస్తున్నాయి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకునేదాకా చైనా భయం ఉంటుంది, బలగాలు ఇంకా చోటు మారాలి అని చెప్పి రాజీనామాకు కూడా సిద్ధపడ్డాడనీ ఆయనే చాలా రంజుగా చెప్పేవాడు. కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు, అప్పటికే ఢిల్లీలో రాజకీయంగా కూడా ఆగాలనే ఆలోచన ఉందంటారు. నాకూ ఆ కథ కాస్త మసాలా దట్టించినట్టే అనిపిస్తుంది. కానీ డిసెంబరు 3న మొదలైంది 16న ఢాకాలో 93 వేల మంది ఖైదీలతో ముగిసిందంటే మధ్యలో గడిచిన ఎనిమిది నెలలు ఊరికే పోలేదు. ఈరోజు సరిహద్దులో ఏం జరిగినా రాత్రి తొమ్మిదింటికి స్టూడియోల్లో కూర్చుని తెల్లారేసరికి తేల్చేయాలి అనేవాళ్లను చూసినప్పుడల్లా, ఆ ఎనిమిది నెలలు ఇప్పుడైతే ఏ సేనాపతికైనా దొరికేవా అని సందేహం. పసుపు ముద్ద ఇప్పుడు హ్యాష్‌ట్యాగ్ రూపంలో వస్తుంది.

ఎక్కడైనా ఇదే వరస. రోమ్ మీదకు దండెత్తొచ్చిన కార్తేజ్ సేనాపతి హానిబాల్‌తో నేరుగా తలపడకుండా కొండల వెంట తిరిగిన రోమన్ సేనాపతి ఫేబియస్‌ను సొంతవాళ్లే హానిబాల్ వెనక పుస్తకాలు మోసే నౌకరు అని ఎగతాళి చేశారు. ఆయన గడువు ముగిశాక, క్రీస్తుపూర్వం 216లో, తొందరపడ్డవాళ్లు కానే దగ్గర ఒక్క రోజులో పదుల వేల మందిని పోగొట్టుకున్నారు.

జియాప్ దగ్గర ఉండి తక్కినవాళ్ల దగ్గర లేనిది ఇంకొకటుంది, దాన్ని ఆయన అభిమానులు తక్కువ మాట్లాడతారు. బయల్దేరే ముందు దేశాధ్యక్షుడు హో చి మిన్ ఆయనకు చెప్పింది, గెలుస్తామని గట్టిగా తెలిస్తేనే కొట్టు, లేకపోతే వద్దు, నిర్ణయం నీదే అని. ఆ మాట వెనక లేకపోతే జనవరి 26న ఆ తలకట్టు మనిషి ఏం చేసేవాడో. తర్వాతి కాలంలో హనోయిలో పార్టీ అధినేత లె జువాన్ వర్గం బలపడ్డాక అదే జియాప్ మాట చెల్లలేదు. 1968లో అమెరికా, దక్షిణ వియత్నాం సైన్యాల మీద టెట్ దాడి మొదలైనప్పుడు ఆయన హంగరీలో వైద్యంలో ఉన్నాడు. 1980లో రక్షణ మంత్రి పదవి పోయింది, కొన్నాళ్లకు కుటుంబ నియంత్రణ కమిషన్ చేతిలో పెట్టారు. ఫ్రెంచివాళ్లను ఓడించినవాడికి ఎంతమంది పిల్లలు చాలో చెప్పే డ్యూటీ. 2013లో 102 ఏళ్ల వయసులో పోయినప్పుడు మాత్రం హనోయిలో ఆయన ఇంటి ముందు జనం గంటల తరబడి క్యూ కట్టారు.

తో విన్ డియెన్ సంగతి చెప్పి ఆపేస్తాను. అతను ఏ దాడిలోనూ చనిపోలేదు. శత్రువుకు వీపు చూపించి వెనక్కి వస్తున్న దారిలో చనిపోయాడు. ఆ దేశం అతనికి వీరుడి బిరుదిచ్చింది. హనోయిలో అతని పేరున ఒక వీధి ఉంది.