హై అలర్ట్‌లతో బాంబులు ఆగవు

దేశంలో ఎక్కడ పేలుడు జరిగినా మన దగ్గర జరిగేది ఒకటే. రాష్ట్రమంతా హై అలర్ట్ అని టీవీల్లో స్క్రోలింగ్ మొదలవుతుంది, ఎంజీబీఎస్‌లో, సికింద్రాబాద్ స్టేషన్‌లో డాగ్ స్క్వాడ్ తిరుగుతుంది, మాల్స్ ముందు బ్యాగులు తెరిపిస్తారు, నాలుగు రోజులకి అంతా మామూలే. జనానికి ధైర్యం కోసం అది కూడా కావాలి, మేం కాదనం. కానీ బాంబు పెట్టేవాడు నెలల ముందే వచ్చి చోటు చూసుకుంటాడు, గది అద్దెకి తీసుకుంటాడు, సామాను కొంటాడు, దొరక్కుండా ఎలా వెళ్లిపోవాలో కూడా అప్పుడే చూసుకుంటాడు. పోలీసులు వాణ్ని పట్టుకోగలిగేది ఆ నెలల్లోనే. పేలుడు జరిగాక ఎంత పెద్ద దర్యాప్తు చేసినా పోయినవాళ్లు తిరిగిరారు.

ఈ మాట హైదరాబాద్‌కి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక్క దిల్‌సుఖ్‌నగర్‌నే తీసుకోండి. 2002 నవంబర్‌లో సాయిబాబా గుడి దగ్గర పేలుడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో 40 మందికి పైగా ప్రాణాలు పోయిన రాత్రి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర పెట్టిన మూడో బాంబు మాత్రం పేలకుండా దొరికింది. 2013 ఫిబ్రవరి 21న మళ్లీ అక్కడే. గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ, 107 బస్టాప్ దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి. ఆ టైమ్‌లో ఆ రోడ్డు ఎలా ఉంటుందో అక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్న ఏ జిల్లా పిల్లాణ్ని అడిగినా చెప్తాడు: కోచింగ్ క్లాసు నుంచి వచ్చేవాళ్లు, ఇంటికి కూరగాయలు పట్టుకెళ్లేవాళ్లు, బస్సు కోసం రోడ్డు మీదకి వచ్చి నిలబడేవాళ్లు. కడుపులో ఉన్న బిడ్డతో కలిపి 18 మంది చనిపోయారు. 131 మంది గాయపడ్డారు.

ఆ కేసులో ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తర్వాత బయటపెట్టిన వివరాలు ఒక్కోటీ చదువుతుంటే బాధేస్తుంది. నిందితులు ఊరి చివర అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. జుమ్మెరాత్ బజార్‌లో పాత సైకిళ్లు కొన్నారు. వాటికి బాంబులు కట్టి, రద్దీలోకి నడిపించుకెళ్లి, స్టాండు వేసి వెళ్లిపోయారు. ఇందులో ఏదీ గొప్ప టెక్నాలజీ కాదు. ఒక ఇంటి ఓనరు, ఒక పాత సైకిళ్ల వ్యాపారి, పక్కింట్లో ఉండే నలుగురు మనుషులు వాళ్లని చూశారు. వాళ్లెవరికీ అనుమానం రాకపోవడం తప్పు కాదు. ఒకవేళ వచ్చినా ఎవరికి చెప్పాలి, చెప్తే మన మీదకే వస్తుందేమో అన్న భయం మాత్రం మన ఊళ్లో నిజం.

ఇంకా బాధ కలిగించే సంగతి వేరే ఉంది. 2012 అక్టోబర్‌లోనే, అంటే పేలుళ్లకి నాలుగు నెలల ముందే, ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ఇండియన్ ముజాహిదీన్ ఉగ్రవాద ముఠా మనుషులు హైదరాబాద్‌లో తాము రెక్కీ చేసిన చోట్ల పేర్లు చెప్పారు. అందులో దిల్‌సుఖ్‌నగర్ ఉంది. ఇది పేపర్లలో కూడా వచ్చింది. పేలుళ్లకి రెండు రోజుల ముందు దాడులు జరగొచ్చని రాష్ట్రాలకి సమాచారం పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే స్వయంగా చెప్పారు. అంటే ఏరియా పేరు తెలుసు, ముఠా పేరు తెలుసు, చివర్లో హెచ్చరిక కూడా వచ్చింది. అయినా సైకిళ్లు లోపలికి వచ్చాయి.

ఎందుకలా? మా దృష్టిలో దీనికి జవాబు పైన లేదు, కింద ఉంది. ఇంటెలిజెన్స్ బ్యూరో దగ్గర ఏజెన్సీలన్నీ సమాచారం పంచుకునే మల్టీ ఏజెన్సీ సెంటర్ 2001 నుంచీ ఉంది. ముంబయి దాడుల తర్వాత 2008 చివర్లో ఎన్ఐఏ చట్టం వచ్చింది, కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీకి హైదరాబాద్‌లోనూ స్థావరం పెట్టారు, మనకి అంతకుముందే ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్ర పోలీసు దళం ఆక్టోపస్ ఉంది. ఇవన్నీ అవసరమైనవే, వీటిలో పనిచేసేవాళ్లు ప్రాణాలకి తెగించి పనిచేస్తున్నవాళ్లే. దిల్‌సుఖ్‌నగర్ కేసునే చూడండి, ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి 2016 డిసెంబర్‌లో ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది, అంత గట్టిగా సాక్ష్యాలు పోగుచేసింది ఎన్ఐఏనే. కానీ ఎన్ఐఏ వచ్చేది కేసు పుట్టాక. దాడికి ముందు అందే హెచ్చరిక ఢిల్లీలో బయల్దేరి, రాష్ట్ర కేంద్రంలో ఆగి, కమిషనరేట్‌లో ఆగి, చివరికి ఒక స్టేషన్‌కి చేరేసరికి ‘రద్దీ ప్రాంతాల్లో అప్రమత్తంగా ఉండవలెను’ అనే ఒక్క వాక్యంగా మిగులుతుంది. ఆ వాక్యంతో ఆ ఎస్ఐ ఏం చేయాలి? పొద్దున్నే వీఐపీ బందోబస్తు, మధ్యాహ్నం కోర్టు డ్యూటీ, సాయంత్రం ఊరేగింపు, మధ్యలో గొలుసు దొంగతనాలు, భార్యాభర్తల గొడవలు. బీట్ కానిస్టేబుల్‌కి తన బీట్‌లో ఎవరు కొత్తగా దిగారో తెలుసుకునే తీరిక ఎక్కడుంది?

తీరిక, శ్రద్ధ ఉంటే ఏం జరుగుతుందో 2025 అక్టోబర్‌లో శ్రీనగర్ చూపించింది. నౌగామ్ అనే చోట గోడల మీద ఉగ్రవాద సంస్థ జైషే మహమ్మద్ పేరుతో బెదిరింపు పోస్టర్లు కనపడ్డాయి. కశ్మీర్‌లో ఒకప్పుడు అలాంటి పోస్టర్లు మామూలే, చింపేసి ఊరుకున్నా ఎవరూ అడిగేవాళ్లు కాదు. అక్కడి ఎస్‌ఎస్‌పీ ఊరుకోలేదు. ఆయన మన కర్నూలు వాడు, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి ఐపీఎస్‌కి వెళ్లిన డాక్టర్ జి.వి. సందీప్ చక్రవర్తి. ఆయన బృందం చుట్టుపక్కల సీసీటీవీ ఫుటేజీ అంతా తీసుకుని కూర్చుంది. ముగ్గురు దొరికారు, రాళ్లు రువ్విన పాత కేసులున్నవాళ్లు. వాళ్లని అడిగితే ఒక ఇమామ్ పేరు వచ్చింది, ఆయన్ని అడిగితే డాక్టర్ల పేర్లు వచ్చాయి, ఆ దారి వెంట పోతే హర్యానాలోని ఫరీదాబాద్‌లో దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి బయటపడింది. గోడ మీద కాగితం దగ్గర మొదలై అక్కడిదాకా!

అయినా మొత్తం ఆగలేదు. ముఠాలో తప్పించుకున్న డాక్టరు ఒకడు నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేల్చి అమాయకుల ప్రాణాలు తీశాడు. నాలుగు రోజులకి, స్వాధీనం చేసుకున్న పేలుడు పదార్థాల నుంచి శాంపిల్స్ తీస్తుండగా నౌగామ్ పోలీస్ స్టేషన్‌లోనే అవి పేలిపోయి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఫోరెన్సిక్ వాళ్లున్నారు, ఫొటోలు తీసే పోలీసులున్నారు, రెవెన్యూ ఉద్యోగులున్నారు, శాంపిల్ సంచులు కుట్టడానికి పిలిపించిన ఊళ్లోని ఒక దర్జీ ఉన్నాడు. ఉగ్రవాదంతో పోరాటం అంటే మన కళ్ల ముందు కమాండోలు మెదులుతారు. చలి రాత్రి స్టేషన్‌లో కూర్చుని సంచి కుడుతున్న ఆ దర్జీ కూడా ఆ పోరాటంలోనే చనిపోయాడు, అది మర్చిపోకూడదు.

మన సూర్యాపేటని కూడా మర్చిపోకూడదు. 2015 ఏప్రిల్‌లో అర్ధరాత్రి బస్టాండులో మామూలు తనిఖీకి వెళ్లిన పోలీసుల మీద ఇద్దరు ప్రయాణికులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఆ ఇద్దరూ మధ్యప్రదేశ్ ఖండ్వా జైలు నుంచి పారిపోయి, ఏడాదిన్నరగా దేశమంతా వెతుకుతున్న నిషేధిత సంస్థ సిమి మనుషులని తర్వాత తేలింది. నాలుగో తేదీన జానకీపురం దగ్గర వాళ్లని ఎదుర్కొన్నప్పుడు ఇంకో కానిస్టేబుల్ ప్రాణం పోయింది, ఎస్ఐ సిద్ధయ్య తూటాలతో ఆస్పత్రిలో మూడు రోజులు పోరాడి ఏడో తేదీన కన్నుమూశారు. పెద్ద పెద్ద ఏజెన్సీలకి దొరకనివాళ్లు చివరికి ఎదురుపడింది నైట్ డ్యూటీలో ఉన్న జిల్లా పోలీసులకి. హోంగార్డు జీతమెంతో, డ్యూటీ గంటలెన్నో, ఒంటి మీద ఏ రక్షణ ఉందో ఒక్కసారి ఆలోచించండి.

అయితే సిద్ధయ్య చనిపోయిన ఆ రోజే ఇంకోటి కూడా జరిగింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. చేతులకి బేడీలతో సీట్లలో పడి ఉన్న శవాల ఫొటోలు దేశమంతా చూసింది. వాళ్లు చేశారన్న నేరాలు చిన్నవి కావు, ఆ నేరాలు కోర్టులో రుజువు చేసే అవకాశం మాత్రం ఆ వ్యాన్‌లోనే పోయింది. సిద్ధయ్య లాంటివాళ్లు సంపాదించిపెట్టిన గౌరవాన్ని ఇలాంటివి తినేస్తాయి.

నమ్మకం పోతే ఎంత నష్టమో మక్కా మసీదు కేసులో చూశాం. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. పాతబస్తీ కుర్రాళ్లని పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు, వాళ్లని కలిసిన అడ్వొకేట్ కమిషనర్ కూడా అదే రాశారు. కోర్టులు వాళ్లని నిర్దోషులని వదిలేశాయి. ఉద్యోగాలు పోయాయి, చదువులు ఆగాయి, పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి. ప్రభుత్వం పరిహారం ఇస్తే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇంకోపక్క సీబీఐ, ఎన్ఐఏ దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకి వెళ్లింది, అందులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురు కూడా 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే నమాజుకి వెళ్లి చనిపోయినవాళ్ల కేసులో ఇప్పటికీ ఎవరికీ శిక్ష లేదు. అసలు దోషులెవరో కోర్టులో తేలలేదు, తప్పుడు అరెస్టులతో, తొందరపాటుతో పోగొట్టుకున్న ఆ మొదటి నెలలు కూడా అందుకు ఒక కారణమని మా అభిప్రాయం.

ఆ పాతబస్తీ వీధుల్లో ఇవాళ ఎవరికైనా తన పక్క గదిలో దిగిన కొత్త మనిషి మీద అనుమానం వచ్చిందనుకుందాం. వెళ్లి స్టేషన్‌లో చెప్తాడా? తన తమ్ముణ్ని అకారణంగా తీసుకెళ్లి కొట్టిన స్టేషన్‌లో? మేం ముస్లింలకి ఏదో సానుభూతి చూపించడానికి ఈ మాట అనడం లేదు. నగర భద్రతకి సంబంధించిన నిజం ఇది. ఉగ్రవాది దాక్కునే చోటికి దగ్గర్లో ఉండే మనిషి మాట్లాడకపోతే ఏ ఏజెన్సీకీ కళ్లుండవు. 2025 మేలో విజయనగరం కుర్రాణ్ని, సికింద్రాబాద్ కుర్రాణ్ని పట్టుకున్నప్పుడు, వాళ్ల పరిచయం సోషల్ మీడియాలో అని, రసాయనాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారని పోలీసులు చెప్పారు. కేసు కోర్టులో తేలాలి. ఇలాంటి వాటిలో సగం పని ఫోన్లు చూసేవాళ్లు చేస్తే, మిగతా సగం ఇంట్లో వాళ్లు చేయాలి, కొడుకు మాట తీరు మారిందని గమనించిన తల్లో తండ్రో వచ్చి చెప్పాలి. పిల్లాణ్ని సరిదిద్దుతారన్న ఆశ ఉంటేనే ఏ తల్లైనా వస్తుంది. థర్డ్ డిగ్రీ పెట్టి కొడతారని తెలిస్తే రాదు, మనమైనా రాం.

తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తిరిగే కార్డన్ సెర్చ్‌ల మీద కూడా మా అభ్యంతరం ఇదే. కాగితాలు లేని బైకులు దొరుకుతాయి, ఆడవాళ్లు పిల్లలు నైట్ డ్రెస్సుల్లో గడపలో నిలబడి సమాధానాలు చెప్తారు, ఆ తర్వాత ఏడాదిపాటు ఆ బస్తీలో ఎవరూ పోలీసుతో మాట్లాడరు. కెమెరాల సంగతి అలా కాదు, దిల్‌సుఖ్‌నగర్ తర్వాత 2013లో తెచ్చిన ప్రజా భద్రతా చట్టంతో షాపుల్లో, అపార్టుమెంట్లలో సీసీటీవీలు వచ్చాయి, నేరాలు తేల్చడంలో బాగా పనికొస్తున్నాయి. కానీ నౌగామ్‌లో కూడా కెమెరా ఊరికే ఏమీ చెప్పలేదు, కూర్చుని చూసినవాళ్లుండబట్టి చెప్పింది. బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టినంత శ్రద్ధగా స్టేషన్లలో ఖాళీలు నింపితే ఫలితం ఇంకా ఎక్కువ ఉంటుంది.

కాబట్టి రెండు ప్రభుత్వాలనీ మేం అడిగేది సూటిగా ఉంది. కేంద్రం నుంచి ఒక ఏరియా పేరుతో హెచ్చరిక వస్తే ఆ స్టేషన్ ఏం చేసిందో, లాడ్జీలు, అద్దె ఇళ్లు ఎన్ని చూసిందో, ఎవరు సంతకం పెట్టారో రాతపూర్వకంగా ఉండాలి. ముంబయి దాడుల తర్వాత మహారాష్ట్ర రామ్ ప్రధాన్ కమిటీ వేసి పోలీసుల లోపాల మీద విచారణ చేయించింది. దిల్‌సుఖ్‌నగర్‌కి ముందు ఆ నాలుగు నెలల లెక్కని కూడా మన ప్రభుత్వం అలా జనం ముందు పెట్టాలి, ఆలస్యమైనా సరే. అద్దెకి దిగేవాళ్ల వివరాలు స్టేషన్‌లో ఇవ్వడం సులువు చేయాలి, ఫోన్‌లోనే అయిపోవాలి. అదే సమయంలో పేరు చూసి ఇల్లు ఇవ్వననే ఓనర్లకి అది సాకు కాకూడదు. బీట్ కానిస్టేబుల్‌ని ఏడాది తిరక్కుండా మార్చడం, బందోబస్తుల పేరుతో బీట్ నుంచి లాగేయడం మానాలి, వారానికో సెలవు నిజంగా ఇవ్వాలి. తప్పుడు కేసులో ఇరికించిన అధికారికి ప్రమోషన్ ఆగాలి, బాధితుడికి పరిహారం దయగా కాకుండా హక్కుగా రావాలి, దానికి చట్టం కావాలి. క్వారీలకి వెళ్లే అమ్మోనియం నైట్రేట్, జిలెటిన్ స్టిక్స్ లెక్కలు తేడా వస్తే ఆ రోజే ఎస్పీకి తెలియాలి. బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖ పద్దు మీద చర్చ ఒక్క పూటలో ముగించకుండా, మన ఎమ్మెల్యేలు ఈ ప్రశ్నలు ఒక్కోటీ లేచి అడగాలి.