విశాఖ యాత్రకు మా ఇంటి ప్రణాళికా సంఘం

ఢిల్లీలో ప్రణాళికా సంఘం కథ ముగిసిందని, 2015 జనవరి 1న నీతి ఆయోగ్ దాని స్థానంలోకి వచ్చిందని పత్రికలు రాశాయి. అది సగం నిజం. సంఘం ఎక్కడికీ పోలేదు. నెల్లూరులోని మా ఇంటి వరండాకు మారింది. వేసవి సెలవులు దగ్గర పడగానే ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని సమావేశమవుతుంది. ఈ ఏటి అజెండాలో అంశం ఒక్కటే: సముద్రం చూడటానికి విశాఖపట్నం వెళ్లడం.

మీకు సముద్రం కొత్తా అని గిట్టనివాళ్లు అడగవచ్చు. మైపాడు మాకు పాతిక కిలోమీటర్లు. ఒంగోలులో ఉండే మా తోడల్లుడికి కొత్తపట్నం అంతకన్నా దగ్గర. అక్కడా ఇక్కడా ఉన్నది ఒకటే బంగాళాఖాతం. కానీ పొద్దున టిఫిన్ తిని బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తే, దాన్ని సముద్రం అని ఎలా అంటాం? మైపాడు అంటాం. సముద్రం అనిపించుకోవాలంటే ఒక రాత్రయినా రైల్లో పడుకోవాలి, పిల్లల్లో ఒకరికైనా కడుపులో తిప్పాలి, ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇస్తూ ఎక్కడికి వెళుతున్నామో చెప్పే అవకాశం రావాలి. విశాఖ దాదాపు 600 కిలోమీటర్లు. ఈ అర్హతలన్నీ ఉన్నాయి.

రేవుకైనా ఇదే న్యాయం. కృష్ణపట్నం ఉంది కదా అంటే, అది బొగ్గు లారీలు వెళ్లే చోటని మా బావమరిది తీసిపారేశాడు. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఓడ లోపలికి వస్తుంటే చూడాలట. 1933లో తెరిచిన రేవు మరి! అంత పాతదే కావాలంటే మోటుపల్లి చూపిస్తానన్నాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోదే. “2022లో బాపట్ల జిల్లాకు పోయిందిగా, ఇక మనకెందుకు?” అని సంఘం ఆ ప్రతిపాదనను కొట్టేసింది.

పిల్లలది జెండా సమస్య. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, మైపాడుకు ఏ జెండా ఉందని నిలదీశారు. అక్కడ జాలరుల వలల గుర్తులకు కట్టినవి రంగురంగుల జెండాలు బోలెడున్నాయని చెప్పాను. అవి లెక్కలోకి రావట.

ఇసుక దగ్గర మాత్రం నేను తగ్గలేదు. మన తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. విశాఖ రేవు రాతి గోడలు దాన్ని అడ్డుకోవడంతో, అవతల రామకృష్ణా బీచ్ కోతకు గురవుతోంది. అందుకని రేవు దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వితీసి ఆ బీచ్‌లో పోస్తుంటారు. అంటే దక్షిణాది ఇసుక ఏ రిజర్వేషనూ లేకుండా విశాఖ చేరి, రేవు ఖర్చుతో బీచ్‌లో విడిది చేస్తోందన్నమాట. మేం మాత్రం టికెట్టు కొనాలి. మధ్యలో కృష్ణా, గోదావరి ఉండగా మైపాడు ఇసుక అంతదూరం ఎలా వెళుతుందని శాస్త్రజ్ఞులు అడిగితే, ఆ ప్రశ్నను ఉపసంఘానికి పంపిస్తాను.

ప్రయాణం ఏ రోజన్నది మా అత్తయ్య శాఖ. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల. సోమ, శనివారాలు తూర్పుకు శూల. విశాఖ మాకు ఈశాన్యం కాబట్టి నాలుగు రోజులూ పోయాయి. గురువారం నాకు సెలవు దొరకదు. శుక్రవారం ఇంటి లక్ష్మి గడప దాటకూడదు. మిగిలింది ఆదివారం. ఆ రాత్రి రైలెక్కితే సోమవారం దిగుతాం. సోమవారం కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి సెలవు.

మా మామయ్యకు ఇది పెద్ద దెబ్బ. ఆయన విశ్రాంత ఉద్యోగి. ఐఎన్ఎస్ కుర్సురా కూడా అంతే: 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొంది, మరుసటి ఏటి నుంచి బీచ్ రోడ్డు పక్కన ప్రజలకు దర్శనమిస్తోంది. తోటి పెన్షనర్‌ను పలకరించి రావాలని ఆయన కోరిక. విరమణ తరవాత కూడా వారానికో సెలవు ఎందుకని రెండు రోజులు భోజనం దగ్గర కూడా అదే మాట.

అరకు ప్రతిపాదన కూడా వచ్చింది. సముద్రం కోసం బయలుదేరి కొండ ఎక్కడం ఏమిటని అడిగాను. అందరూ నన్నే వింతగా చూశారు. ఆమోదించాం.

ఇక చేపల పులుసు. చేపల రేవు ఉన్న ఊరికి నెల్లూరు నుంచి పులుసు మోసుకెళ్లడం భావ్యమా అని వినయంగానే అడిగాను.

“అక్కడ చేపలు దొరకవా అత్తయ్యా?”

“చేపలు దొరుకుతాయి నాయనా, పులుసు దొరుకుతుందా?”

శుక్రవారం రాత్రే మట్టి దాక పొయ్యెక్కింది. మామిడికాయ ముక్కలు పడ్డాక ఆమె గరిటె ముట్టుకోదు, ముక్క చితుకుతుందని. రెండు చేతుల్లో మసిగుడ్డలు పట్టుకుని, దాక అంచులు అందుకుని, చంటిపిల్లను ఊపినట్టు మెల్లగా తిప్పుతుంది. రాత్రంతా ఊరితే గాని రుచి రాదు. పొద్దున స్టీలు గిన్నెలోకి మార్చి, మూత మీదుగా పాత తువ్వాలు బిగించి మూడు ముళ్లు వేసింది. మా పెళ్లిలో నేను వేసిన ముళ్లు అంత గట్టివి కావని అదే చేత్తో మా ఆవిడకు గుర్తుచేసింది.

ఇన్ని తేలాక టికెట్ల సంగతి గుర్తొచ్చింది. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు. అప్పట్లో మేం ఈశాన్యం ఏ దిక్కు ఖాతాలోకి వస్తుందన్న చర్చలో ఉన్నాం. కాబట్టి తత్కాల్. ఉన్నది తొమ్మిది మందిమి, ఒక టికెట్టుపై నలుగురికి మించి కుదరదు. శనివారం పదకొండు గంటలకు మూడు ఫోన్లతో ముగ్గురం యుద్ధానికి కూర్చున్నాం. పదకొండు దాటి నాలుగు నిమిషాలయ్యేసరికి యుద్ధం ముగిసింది. ఒక ఫోనులో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. రెండోదాన్లో అందరిదీ వెయిటింగ్ లిస్టు. మూడోదాన్లో సరిగ్గా రెండు బెర్తులు ఖాయమయ్యాయి.

సంఘం అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక బెర్తు అత్తయ్యకు, ఒకటి పులుసుకు. కుదుపులకు ఒలికిపోతుందని కింది బెర్తు పులుసుకే ఇచ్చాం. అత్తయ్య పైకి ఎక్కాలి.