పావు అంగుళం పంచాయితీ

పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాళ్లకి సర్దుకుపోవడం ఒకరు నేర్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, ఇంట్లో మాట మాత్రం ఇటే ఉండిపోయింది. బజార్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం వెళ్తే ఆంధ్రా బస్సు. ఇన్నిటితో ఏ పేచీ లేకుండా బతికేస్తున్న మనుషులు ఒక్క పావు అంగుళం దగ్గర మాత్రం కొట్టుకున్నంత పని చేశారు. అదీ మా ఇంట్లోనే, మా అత్తయ్యగారి మంచం మీదే.

అత్తయ్యగారు లెక్కల టీచరు. రిటైరయింది ఉద్యోగం నుంచే గానీ లెక్కల నుంచి కాదు. పాలవాడి దగ్గర కూడా దశాంశ స్థానాలు వదలరు. అలాంటి మనిషికి బొంతల మీద మనసు పడింది.

మా వైపు బొంత అంటే పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగు కుట్టు వేసుకుంటూ పోవడమే. పక్కింటి ఒడియా మావుసి వాళ్లు కంథా అనేదీ ఇంచుమించు ఇదే. చీర ఎంతుంటే బొంత అంత. అందులో లెక్క లేకపోవడం అత్తయ్యగారికి నచ్చలేదు. మనవడి గళ్ల నోటుబుక్కు లాక్కుని, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారు.

గీయగా గీయగా ఒక బ్లాకు, అంటే బొంతలో పదే పదే వచ్చే చదరపు ముక్క, తేలింది. అడ్డంగా నాలుగు గళ్లు, నిలువుగా నాలుగు. గడికి 3 అంగుళాలు, బ్లాకు మొత్తం 12. కొన్ని గళ్లు నిండు చదరాలు, కొన్ని రెండు రంగుల త్రికోణాలు కలిపినవి. అంచున త్రికోణాల వరస బరంపురం పట్టుచీర అంచులోని గుడి గోపురాలట. మధ్యలో వంపు మహేంద్రతనయ నది అట.

"ఇది నా సొంత డిజైను. ఇంతవరకు ఎవరూ కుట్టలేదు" అని ప్రకటించారు.

మామ్మగారు కళ్లద్దాలు సవరించుకుని చూశారు. "మనింటి ముందు ముగ్గే కదే ఇది?"

చదరాలూ త్రికోణాలూ పెట్టి ఎవరేం గీసినా ఎక్కడో ఏ ముత్తవ్వో ఎప్పుడో కుట్టే ఉంటుందని నా అనుమానం. డిజైనరు ముందు అలాంటి మాటలు అనకూడదు. పైగా ఆవిడ అత్తగారు.

మా ఆడపడుచు పెళ్లి దగ్గర పడుతోంది. సారెలో ఈ బొంత పెట్టాలని అత్తయ్యగారి సంకల్పం. అడ్డం ఐదు, నిలువు ఆరు, వెరసి 30 బ్లాకులు, అంటే 60 అంగుళాలకి 72. చుట్టూ 6 అంగుళాల అంచు వేస్తే 72కి 84, డబుల్ కాట్ నిండా కప్పేస్తుంది. అత్తయ్యగారూ, మావుసీ, కాశీనగరంలో ఉన్న మా పిన్నీ, పాతపట్నం అప్పా, గుణుపురం నుంచి టైలర్ వదినా, ఆవిడ కోడలూ, మొత్తం ఆరుగురు. తలా ఐదు బ్లాకులు. నా చేతికి సూది ఎవరూ ఇవ్వలేదు. ఫొటోలు తియ్యడం, ఫోన్లు చెయ్యడం నా వంతు.

డిజైను కాగితం ఫొటో తీసి అందరికీ పంపాను. దాని మీద అత్తయ్యగారి ముత్యాల్లాంటి దస్తూరీలో ఉన్నది ఇంతే: చదరం ముక్క 3½. త్రికోణాలకైతే 3⅞ చదరం కోసి మూల నుంచి మూలకి రెండు చెయ్యాలి. బ్లాకు పూర్తయ్యాక 12½. కుట్టు మామూలే.

వాలుగా వేసే కుట్టు గుడ్డని ఎక్కువ తింటుంది కాబట్టి త్రికోణాలకి అర అంగుళానికి బదులు ఏడు నూళ్లు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) కలపాలట. అంత సూక్ష్మం లెక్కగట్టిన మనిషి, అంకెల పక్కన అంగుళాలు అని రాయడం తన స్థాయికి తక్కువ అనుకున్నారు. "మామూలే" అంటే కుట్టు బయట పావు అంగుళం గుడ్డ వదలడమని లోకానికంతా తెలుసనుకున్నారు.

బ్లాకులన్నీ వచ్చిన రోజు మంచం మీద కొత్త దుప్పటి పరిచి, అత్తయ్యగారు స్కేలు పట్టుకుని నిలబడ్డారు. పరీక్ష పేపర్లు పంచే రోజుల్లో ఇలాగే నిలబడేవారని మా ఆయన చెప్పారు.

ముందు టైలర్ వదిన మూట విప్పింది. కుట్టు చూస్తే మిషనే మురిసిపోయేలా ఉంది. కొలిస్తే 11.

"అమ్మాయ్, అంగుళంన్నర ఏమైంది?"

"ఏటవుతుంది పిన్నిగారూ, లోపల ఉంది" అని బ్లాకు తిరగేసి చూపించింది. గడికీ గడికీ మధ్య ప్రతి కుట్టు వెనకా అర అంగుళం గుడ్డ. "జాకెట్టుకైతే అంగుళం వదులుతాను. రేపు ఒళ్లొస్తే విప్పుకోవాలి కదా. బొంతే కదాని సగానికి తగ్గించాను."

బొంతకి ఒళ్లు రాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడు కుట్లు, కుట్టుకి అటు పావూ ఇటు పావూ ఎక్కువ పోతే అంగుళంన్నర సరిగ్గా తేలుతుందని అత్తయ్యగారు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. లెక్క కుదిరినందుకు ఒక్క క్షణం సంతోషించారు కూడా.

పాతపట్నం అప్ప బ్లాకులు 13 దాటాయి. పైగా మధ్యలో ఉబ్బి, అంచులు అలలు తిరిగి, మంచం మీద పరిస్తే పడుకోనని మొరాయించాయి. వాలుగా కోసిన గుడ్డ సాగుతుంది. ఇస్త్రీ పెట్టె ఎత్తి ఎత్తి అదమాలే గానీ తోయకూడదు. అప్ప ముందు త్రికోణాల్ని తోసి ఇస్త్రీ చేసింది, కుట్టాక మళ్లీ తోసింది. "పెళ్లివారికి ఇచ్చేది, ముడతలుంటే ఏం మర్యాద?" అంది.

మర్యాద మాటకొస్తే మావుసిని మించినవాళ్లు లేరు. ఆవిడ పుట్టిల్లు పూరీ వైపు, గుడ్డ మీద రంగు ముక్కలు పెట్టి కుట్టే పిపిలి పందిరి గుడ్డలు చూస్తూ పెరిగింది. ముక్కకి ముక్క జోడించడం ఏమిటని, తెల్ల గుడ్డ మీద ఎర్ర త్రికోణాలు పెట్టి చుట్టూ చేత్తో కుట్టేసింది. కొలత దివ్యంగా వచ్చిందట. కానీ ఉతక్కుండా ఒకరింటికి పంపడమేమిటని ఐదూ ఉతికి ఆరేసింది. కొత్త గుడ్డ ముడుచుకుంది, ఎరుపు కారింది. తెల్లటి మహేంద్రతనయ పసుపు కుంకాలు కలిపిన నీళ్ల రంగులో ప్రవహిస్తోంది. "కిఛి హేబ నాహి" అని నవ్వింది మావుసి. ఏమీ కాదట.

గుణుపురం కోడలుపిల్ల తెలివైంది. కొలవడం ఎందుకని, అత్తయ్యగారు గీసిన త్రికోణం నమూనాని షాపులో ప్రింటు తీయించింది. షాపు కుర్రాడు కాగితంలో పట్టేలా కుదించి మరీ ఇచ్చాడు. చదరాలు టేపుతో, త్రికోణాలు ఆ కాగితంతో కోసింది. బ్లాకుకి నాలుగు వైపులా నాలుగు కొలతలు. ఇలాంటి నమూనాల పక్కన ఒక అంగుళం గడి గీసి పెడతారు. ప్రింటులో ఆ గడి సరిగ్గా అంగుళం వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూసుకుంటే పని అయిపోతుంది.

చివరికి పిన్ని చేతిసంచి తెరిచింది. మూట కనబడకపోతే మర్చిపోయి వచ్చిందేమో అనుకున్నాం. కళ్లజోడు పెట్టె తీసి, అందులోంచి ఐదు బ్లాకులు బయటపెట్టింది.

ఒక్కొక్కటి అరచేతి కన్నా కాస్త పెద్దది. 16 గళ్లూ ఉన్నాయి, గోపురాలున్నాయి, నది ఉంది. ఒక్క మొన కూడా తెగలేదు. అత్తయ్యగారు స్కేలు పెట్టారు. 5 అంగుళాలకి కాస్త తక్కువ. స్కేలు రెండోవైపు తిప్పారు. సరిగ్గా పన్నెండున్నర.

"సెంటీమీటర్లా!"

"మరి? కాగితం మీద పన్నెండున్నర అనే కదా ఉంది, కొలత రాలేదా?" పిన్ని గొంతులో కంగారు. "ముక్కలు మరీ చిన్నవి, కుట్టుకి బియ్యపు గింజంతే వదిలాను. కళ్లు పోయాయమ్మా. మీ అత్తగారు మనుషుల్ని ఇంత హింస పెడుతుందేమిటని మీ బాబాయితో రోజూ అంటూనే కుట్టాను."

తప్పు వెతకడానికి ఎక్కడా సందు లేదు. ఆరుగురిలో డిజైనుని అక్షరాలా పాటించింది ఆవిడ ఒక్కతే.

ఇంతసేపూ పేపరు వెనక ఉన్న మావయ్యగారు అప్పుడు నోరు విప్పారు. "మన నౌపడ, గుణుపురం లైను రెండడుగుల ఆరంగుళాల నారో గేజు నుంచి ఐదడుగుల ఆరంగుళాల బ్రాడ్ గేజుకి మార్చడానికి ఏళ్ల తరబడి రైళ్లాపారు. మీరు ఆరు గేజులు ఒకే మంచం మీద నడిపిస్తున్నారు. శభాష్."

అత్తయ్యగారు స్కేలు కింద పెట్టేశారు. అన్నీ 11కి కోసేద్దామంటే గోపురాల మొనలు తెగుతాయి. మళ్లీ కుట్టండి అని ఎవరితో అనగలం? టెన్షన్ పెరిగి అందరూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలెట్టారు. మామ్మగారొక్కరే నిదానంగా ఉన్నారు. "బొంతకి కొలతేటమ్మా? మంచానికి సరిపోతే బొంత, సరిపోకపోతే గుమ్మంలో పట్టా."

దారి చూపించింది టైలర్ వదినే. "జాకెట్టు బిగుతైతే చంకలో పట్టీ వెయ్యమా? దీనికీ వేద్దాం." అత్తయ్యగారి సాదా నేత చీరలు రెండు పట్టీలుగా చింపారు. ప్రతి బ్లాకు చుట్టూ దానికి కావలసినంత పట్టీ వేసి, అన్నిటినీ 14½కి తెచ్చారు. అప్ప బ్లాకుకి సన్న పట్టీ, వదినదానికి వెడల్పుది. పిన్ని బ్లాకులకి మాత్రం ఒక పట్టీ చుట్టూ ఇంకో పట్టీ, దాని చుట్టూ మరొకటి. మధ్యలో చిన్న చదరం పెట్టి చుట్టూ పట్టీలు పేర్చే ఈ పద్ధతికి అమెరికా బొంతల్లో లాగ్ క్యాబిన్ అని పేరు, 19వ శతాబ్దం నుంచీ ఉన్నదే. మా గుణుపురం వదినకి అది చంక పట్టీ. ఈసారి కుట్టు పావు అంగుళమని అత్తయ్యగారు ఒక్కొక్కరి చేత పలికించారు. కుట్టయ్యాక ఒక్కోటీ 14. ఐదు పద్నాలుగులు 70, ఆరు పద్నాలుగులు 84. చుట్టూ అంచు మానేస్తే అనుకున్న కొలతకి వెడల్పులో రెండంగుళాలే తక్కువ. ఆ రెండంగుళాలకీ అత్తయ్యగారు పెళ్లయ్యేదాకా కుములుతూనే ఉన్నారు.

సారె విప్పినప్పుడు బరంపురం వియ్యపురాలు పట్టుచీరలు పక్కకి జరిపి బొంత మీద చెయ్యి వేసింది. "ఒక్కో గడీ ఒక్కో రకంగా! ఎంత ఆలోచించి వేశారండీ. ఈ చిన్నవి చూడండి, కిటికీలోంచి నది కనిపిస్తున్నట్టు లేదూ?" అత్తయ్యగారు ఎటూ తేల్చని నవ్వు నవ్వారు. "మా పెద్ద కోడలికి కూడా ఒకటి కావాలి. ఇలాంటిదే, ఏ మార్పూ వద్దు."

మళ్లీ ఆరుగురూ కూర్చున్నారు. అత్తయ్యగారు కొత్త కాగితం రాశారు. టైలర్ వదినకి కుట్టు అర అంగుళం, అప్ప ఇస్త్రీ తొయ్యాలి, మావుసి ఉతకాలి, కోడలుపిల్ల అదే షాపుకి వెళ్లాలి. ఇలాంటి కాగితం రాయడానికి ఆవిడ చెయ్యి ఎంత వణికిందో నేను దగ్గరుండి చూశాను.

పిన్ని మాత్రం గర్వంగా సంచిలోంచి టేపు తీసింది. "వదినగారూ, ఈసారి పొరపాటే జరగదు. సెంటీమీటర్ల వైపు కనబడకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్ల కాగితం అతికించేశాను."

అత్తయ్యగారు ఆ టేపు లాక్కుని, గోటితో కాగితం పీకడం మొదలుపెట్టారు.