ముందు పని చెప్పండి, పేరు తర్వాత

2025 అక్టోబర్ 14 రాత్రి. గోవాలో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మన ఇండియా టీమ్ సింగపూర్ చేతిలో 2-1తో ఓడిపోయింది. టీవీ ఆపేశాక అన్నయ్యా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు. 14వ నిమిషంలో మన ఛాంగ్టే అంత దూరం నుంచి కొట్టిన గోల్‌కి ఇద్దరం గంతులేశాం. సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్-యంగ్ హాఫ్‌టైమ్‌కి ముందొకటి, తర్వాతొకటి కొట్టేసరికి గంతులు పోయాయి, గొంతులూ పోయాయి. క్వాలిఫయర్లలో 4 మ్యాచులాడి 2 పాయింట్లు. 2027 ఆసియా కప్ ఆశ ఆ రాత్రితో ముగిసింది.

చివరికి అన్నయ్యే నోరు విప్పాడు. "ముందు ఆ స్ట్రైకర్‌ని మార్చాలిరా" అన్నాడు.

"ఎవర్ని పెట్టాలి, చెప్పు అన్నయ్యా" అన్నాను.

అంతే, మొదలైంది. మన్వీర్ అన్నాడు. మన్వీర్ క్లబ్‌లో రైట్ వింగ్‌లో ఆడతాడు కదా అన్నాను. ఇర్ఫాన్ యాద్వాడ్ అన్నాడు. సుహైల్ భట్ అన్నాడు. విక్రమ్ ప్రతాప్, పండితా, రహీం అలీ... పేర్లు అయిపోయాయి కానీ వాదన అవలేదు. రాత్రి ఒంటిగంటకి ఇద్దరం అలిసిపోయి పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతసేపు కొట్టుకున్నాం కానీ, ఆ చోట ఆడేవాడు ఏం చేయాలి అన్న ఒక్క మాట ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

మన ఇండియా టీమ్ అభిమానుల్లో చాలామందిది ఇదే తంతు. నేనూ అందులో ఒకణ్నే. టీమ్ ప్రకటించగానే అందరం పేర్లు లెక్కపెట్టుకుంటాం. "ఛాంగ్టే ఉండాలి, లిస్టన్ ఉండాలి, బ్రాండన్ ఉండాలి, సహల్‌ని బయట ఎలా కూర్చోబెడతారు?" అంటాం. నలుగురు మంచి ఆటగాళ్లని ముందు వరుసలో పెడితే మంచి ముందు వరుస అయిపోతుందని నమ్ముతాం. అది నిజం కాదు. నలుగురూ బంతి తమ కాళ్ల దగ్గరికి రావాలని కోరుకునేవాళ్లే అయితే, గోల్ ముందున్న బాక్స్‌లోకి పరిగెత్తేవాడు ఎవడు?

లిస్టన్‌ని చూడండి. ఎడమ వైపు బంతి అందుకుని, లోపలికి కోసుకుని వచ్చి, కుడి కాలితో కొట్టడం అతని బలం. ఛాంగ్టేది ఎడమ కాలు, మెరుపు వేగం. కుడి వైపు పెడితే అతనూ లోపలికే వస్తాడు. ఇద్దరూ లోపలికి వస్తున్నప్పుడు మధ్యలో నిలబడ్డవాడు వాళ్లకి దారి ఇవ్వాలి, డిఫెండర్లని తనతో లాక్కుపోవాలి. అప్పుడే వాళ్ల షాట్‌కి జాగా దొరుకుతుంది. మధ్యలో ఉన్నవాడు కూడా వెనక్కి వచ్చి బంతి అడిగితే ఒకే చోట ముగ్గురు మనవాళ్లు, అయిదుగురు వాళ్లవాళ్లు. ఆ గుంపులో బంతి పోతుంది. మనం టీవీ ముందు "లిస్టన్ సెల్ఫిష్" అని తిట్టుకుంటాం. లిస్టన్ నిజంగానే పాస్ ఇవ్వాల్సిన చోట కొట్టేస్తాడు కొన్నిసార్లు, కాదనను. కానీ తల ఎత్తి చూసినప్పుడు బాక్స్‌లో మన జెర్సీ ఒక్కటీ కనపడకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. కాలేజీ టీమ్‌లో నేను స్టాపర్‌ని, అంటే మధ్యలో ఆడే డిఫెండర్‌ని. ఆట మొత్తం నా ముందే ఉండేది. బంతి ఎటు నుంచి వస్తుందో, ఎవడు పరిగెడుతున్నాడో అంతా కనపడేది. ఒకసారి మా స్ట్రైకర్ మడమ బెణికితే, ఎత్తుగా ఉన్నానని మా సార్ నన్ను ముందుకి తోశారు. మొదటి బంతి వచ్చినప్పుడు నా వీపు గోల్ వైపు ఉంది. వెనక ఉన్నవాడి మోచెయ్యి నా నడుములో గుచ్చుకుంటోంది. వాడి ఊపిరి నా మెడకి తగులుతోంది. వాడు ఎడమ వైపు ఉన్నాడా, కుడి వైపు ఉన్నాడా తెలియదు. బంతి కాలికి తగిలేలోపు నిర్ణయం అయిపోవాలి. నాకు కాలేదు. బంతి నా కాలికి తగిలి మూడు గజాలు ఎగిరిపడింది. ఆ రోజంతా అదే జరిగింది. నాకు ఆట రాకపోవడం కాదు, ఆ పని రాదు. రోజూ చేస్తే తప్ప వచ్చే పని కాదది.

అందుకే 2025 జూన్ 10న హాంకాంగ్‌తో మ్యాచ్‌లో ఆషిక్ కురునియన్ ఫస్ట్ హాఫ్‌లో మంచి ఛాన్స్ పోగొట్టినప్పుడు, అందరూ అతన్ని తిడుతుంటే నాకు నోరు రాలేదు. ఆషిక్ వింగర్. క్లబ్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా కూడా ఆడినవాడు. అలాంటి కుర్రాణ్ని ముందు వరుస మధ్యలో పెట్టి, బాక్స్‌లో పుట్టి పెరిగినవాడిలా బంతి వలలో వేయమంటే ఎలా? ఆ మ్యాచ్ ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చుకుని 1-0తో ఓడిపోయాం. ఆ ఓటమికి ఎంతమంది పేర్లు పెట్టారో! గోల్‌కీపర్ విశాల్ కైత్ పేరు, ఆషిక్ పేరు, కోచ్ మనోలో మార్కెజ్ పేరు. కోచ్ వెళ్లిపోయాడు. ఖాలిద్ జమీల్ వచ్చాడు. సమస్య మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

ఇక మన పాత కెప్టెన్ సునీల్ ఛేత్రీ. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఆయన ఆట చూస్తూ పెరిగిన తరం మాది. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 అయిన మ్యాచ్ తర్వాత ఆయన చేతులు జోడించి వెళ్లిపోతుంటే నేను ఏడ్చాను. అప్పటికి 94 గోల్స్. 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0 గెలుపులో హెడర్‌తో 95వది కొట్టాడు. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో, అంటే మన దేశపు క్లబ్బుల లీగ్‌లో, ఆయనవి 14 గోల్స్. 40 ఏళ్ల వయసులో, భారతీయుల్లో అందరికంటే ఎక్కువ. అలాంటివాణ్ని పిలవకుండా ఎలా ఉంటారు అంటే, నా దగ్గర జవాబు లేదు. పిలవడం తప్పు కాదు. ఆయన రావడం అసలే తప్పు కాదు.

తప్పు ఎక్కడంటే, ఆయన వచ్చాడు కాబట్టి పని అయిపోయిందనుకున్నాం. వారం తిరక్కముందే అదే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. ఛేత్రీ ఎప్పుడూ డిఫెండర్లతో కుస్తీ పట్టి బంతిని ఆపి ఉంచే రకం కాదు. ఆయన గొప్పతనం సమయం. బంతి ఎక్కడ పడుతుందో డిఫెండర్ కంటే అర సెకను ముందు తెలుసుకుని అక్కడ ఉంటాడు. బెంగళూరు క్లబ్‌లో కోచ్ ఆల్బర్ట్ రోకా ఆ సంగతి ఎంత బాగా పట్టుకున్నాడో గుర్తుందా? 2017-18 సీజన్‌లో మధ్యలో మీకూ అనే విదేశీ స్ట్రైకర్, ఎడమ వైపు ఛేత్రీ, కుడి వైపు ఉదాంత. మీకూ డిఫెండర్లని మోసేవాడు, ఛేత్రీ ఆ వెనక ఖాళీలోకి దూరేవాడు. మీకూకి 15 గోల్స్, ఛేత్రీకి 14. ఒకరి పని ఇంకొకరికి దారి వేసింది. నేను పని అంటున్నది ఇదే. అదే ఛేత్రీని ఇండియా జెర్సీలో ఒంటరిగా ముందు నిలబెట్టి, మిడ్‌ఫీల్డ్ నుంచి నలభై గజాల బంతులు గాల్లోకి వేస్తే, 25 ఏళ్ల కుర్రాడైనా ఏం చేయగలడు? 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్ చూశాం కదా. ఆస్ట్రేలియాతో 2-0, ఉజ్బెకిస్తాన్‌తో 3-0, సిరియాతో 1-0. మూడు ఓటములు, మనవైపు ఒక్క గోల్ లేదు. అయిదేళ్ల ముందు అదే టోర్నీలో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టినప్పుడు ముందు వరుసలో ఛేత్రీ ఒక్కడే లేడు. పక్కన పరిగెత్తే ఆషిక్ ఉన్నాడు, వెనక నుంచి వచ్చి గోల్ కొట్టిన అనిరుధ్ థాపా ఉన్నాడు, బెంచ్ మీంచి దిగి గోల్ కొట్టిన జెజె ఉన్నాడు. ఆషిక్ పేరు మళ్లీ వచ్చింది చూశారా! ఆ రోజు అతనికి అప్పగించింది పరిగెత్తే పని, అతను పుట్టిందే ఆ పనికి. హాంకాంగ్‌లో అప్పగించింది వేరే పని. మనిషి అతనే.

"క్లబ్‌లో ఏం ఆడితే ఏంటి, మంచి కోచ్ ఎవరినైనా ఎక్కడైనా ఆడించగలడు. రహీం సాబ్ ఆడించలేదా?" అని అన్నయ్య మర్నాడు పొద్దున్నే అడిగాడు. మంచి ప్రశ్న. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, సయ్యద్ అబ్దుల్ రహీం ఆ స్టాపర్‌ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరుస మధ్యలో, పెట్టారు. జర్నైల్ సెమీఫైనల్లో సౌత్ వియత్నాం మీద గోల్ కొట్టాడు, ఫైనల్లో సౌత్ కొరియా మీద కూడా కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది. మన తెలుగు నేల మీద ఆట నేర్పిన మనిషి చేసిన పని అది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ ఆ ముందు వరుసని ఒకసారి చూడండి. కుడి వైపు పీకే బెనర్జీ, ఎడమ వైపు మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, లోపల చునీ గోస్వామి, యూసుఫ్ ఖాన్. బంతి ఎప్పుడు ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో తెలిసినవాళ్లు. వాళ్ల మధ్య జర్నైల్‌కి మిగిలింది తన ఒంటి బలాన్నంతా వాడి డిఫెన్స్‌ని చిందరవందర చేసే పని. రహీం గారు ఒక మనిషిని చోటు మార్చారు, మిగతా నలుగురినీ వాళ్ల చోట్లలోనే ఉంచారు. మనం ఇప్పుడు అందరినీ మారుస్తున్నాం. ప్రతి క్యాంపులో కొత్త ముందు వరుస, ప్రతి మ్యాచ్‌లో కొత్త ప్రయోగం. అన్నయ్యకి ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, కాఫీ తాగి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

అసలు మనకి సెంటర్ ఫార్వర్డ్ ఎందుకు లేడు అంటే, ఐఎస్ఎల్ మొదటి 11 సీజన్లలో, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడికి రాలేదు. ఎలానో మొదలు, కోరో, ఒగ్బెచే, డియామంటకోస్, 2024-25లో 23 గోల్స్ కొట్టిన అజారాయీ దాకా అందరూ విదేశీయులే. మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించే వీలుంటే, ఏ క్లబ్ అయినా అందులో ఒకడిని గోల్స్ కొట్టే చోటే పెడుతుంది. డబ్బు పెట్టేది అందుకే కదా. క్లబ్బుల్ని తప్పుపట్టను. ఒగ్బెచే 18 గోల్స్ కొట్టకపోతే 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ట్రోఫీ ఎత్తేదా? అప్పుడు మనమే రోడ్ల మీద డాన్సులు చేశాం.

కానీ ఫలితం ఏంటంటే, మన కుర్రాడు 18 ఏళ్లకి స్ట్రైకర్‌గా వస్తాడు, 20 ఏళ్లకి వింగ్ మీదకి నెట్టేస్తారు, 24 ఏళ్లకి సైడ్‌లైన్ పక్కన పరిగెత్తడం అలవాటైపోతుంది. మన్వీర్‌కి ఎత్తు ఉంది, బలం ఉంది. 2023 నవంబర్‌లో కువైట్‌లో ఎడమ నుంచి ఛాంగ్టే ఇచ్చిన బంతిని బాక్స్‌లో ఎడమ కాలితో వలలోకి పంపి 1-0 గెలిపించింది అతనే. ఆ ఒక్క గోల్ చూస్తే చాలు, వాడిలో సెంటర్ ఫార్వర్డ్ ఉన్నాడని తెలుస్తుంది. కానీ వారం వారం క్లబ్‌లో చేసేది రైట్ వింగ్ పని. ఇండియాకి వచ్చినప్పుడు పది రోజుల క్యాంపులో వీపు చూపించి ఆడటం గుర్తు తెచ్చుకోవాలి. రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని ఇండియా కోసం ఆడటానికి వచ్చాడు, నాకు చాలా సంతోషం. కానీ అతనూ ఎక్కువగా వింగ్ మీదా స్ట్రైకర్ వెనకా ఆడినవాడే. అతను వచ్చాడు కాబట్టి తొమ్మిదో నంబర్ (సెంటర్ ఫార్వర్డ్) గొడవ తీరిపోయిందని సంబరపడేవాళ్లు ఇంకోసారి ఆలోచించండి.

నన్ను అడిగితే నేనేం చేస్తానంటే, ఒక మనిషిని ఎంచుకుంటాను. ఇర్ఫానా, సుహైలా, మన్వీరా అన్నది నాకు రెండో ప్రశ్న. వాడి పని రాసి ఇస్తాను: బంతి వింగ్ మీద ఉన్నప్పుడు ఫస్ట్ పోస్ట్‌కి (బంతికి దగ్గరగా ఉన్న గోల్ స్తంభానికి) పరిగెత్తు, బంతి మధ్యలో ఉన్నప్పుడు వాళ్ల స్టాపర్లిద్దర్నీ వెనక్కి తోసుకుంటూ పో, వెనక్కి వచ్చి బంతి అడగకు. లిస్టన్‌కి చెబుతాను, నువ్వు లోపలికి వస్తే నీ వెనక లెఫ్ట్ బ్యాక్ పైకి పోతాడు, వాణ్ని వాడుకో అని. ఛాంగ్టేకి చెబుతాను, అటు నుంచి క్రాస్ వస్తుంటే నీ చోటు సెకండ్ పోస్ట్ అని. మిడ్‌ఫీల్డ్‌లో ఒకడికి, ఎవరైనా సరే, బాక్స్‌లోకి ఆలస్యంగా చేరే పని ఇస్తాను, థాపా అప్పుడు చేసినట్టు. ఈ నలుగురినీ పది మ్యాచులు మార్చను. మొదటి మూడింట్లో గోల్ రాకపోయినా మార్చను. మనం తిడతాం, తెలుసు. అయినా మార్చను.

2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడిపోయాం. అప్పటికి ఆ క్వాలిఫయర్లలో 5 మ్యాచులు ఆడి 2 గోల్స్ కొట్టాం. రెండిట్లో ఒకటి ఛాంగ్టే ఒంటరిగా దూరం నుంచి కొట్టింది. రెండోది సింగపూర్ వాళ్లు తమ గోల్ వైపే ఇచ్చుకున్న బలహీనమైన పాస్‌ని రహీం అలీ 90వ నిమిషంలో దొరకబుచ్చుకుని వేసింది. పది మందితో పోరాడుతూ కొట్టిన గోల్ కాబట్టి దాని విలువ నేను తగ్గించను. కానీ నలుగురు కలిసి అల్లుకొచ్చి, బాక్స్‌లో ఉన్నవాడు వలలో వేసిన గోల్ ఆ 5 మ్యాచుల్లో ఒక్కటీ లేదు.

ఢాకా మ్యాచ్ అయ్యాక అన్నయ్య ఫోన్ చేశాడు. ఈసారి పేరు చెప్పలేదు. "వింగ్ మీంచి బంతి వస్తుంటే ఫస్ట్ పోస్ట్ దగ్గర ఎవడూ లేడేంట్రా?" అన్నాడు.