తీవ్ర ఆందోళనలో పట్టభద్రులు

అంతర్జాతీయ అధ్యయనాల డిగ్రీ ఏ దేశంలో చేరినా 1648లోనే మొదలవుతుంది. ఆ ఏడాది వెస్ట్‌ఫాలియా ఒప్పందాలతో యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం ముగిసిందని, ఎవరి రాజ్యానికి వారే సార్వభౌములన్న సూత్రం అక్కడే పుట్టిందని మొదటి సంవత్సరంలో చెబుతారు. మూడో సంవత్సరంలో ఇంకో అధ్యాపకుడు వచ్చి, ఆ ఒప్పందాల్లో అలాంటి సూత్రమేదీ స్పష్టంగా లేదని, చాలావరకు అది తర్వాతివారు అల్లుకున్న కథని చెబుతాడు. విద్యార్థి రెండూ శ్రద్ధగా రాసుకుంటాడు. రెండింటికీ మార్కులు పడతాయి. తాను నేర్పినదే తప్పని తేల్చి, ఆ తేల్చినదానికి కూడా మార్కులిచ్చే ఇంత దొడ్డమనసున్న చదువును పట్టుకుని ‘దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?’ అని పెదవి విరిచేవారున్నారు. వారి ధోరణిని ఈ వ్యాసకర్త తీవ్రంగా పరిగణిస్తున్నాడు.

నిజానికి ఈ డిగ్రీ నేర్పే విద్య ఒక్కటే. మన మాట చెల్లని చోట, చెల్లుతున్నంత గాంభీర్యంతో మాట్లాడటం. అదేమీ అల్పమైన విద్య కాదు. దానికొక ప్రయోగశాల కూడా ఉంది, పేరు మోడల్ యూఎన్, అంటే విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా నటిస్తూ నడిపే ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి. సెలవు రోజున పొద్దున్నే కొలత కుదరని కోట్లు వేసుకున్న పిల్లలు ఒక హాల్లో చేరి, దేశాల పేర్లు రాసిన అట్టముక్కలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. అమెరికా, రష్యా, చైనా ముందుగానే నిర్వాహకుల స్నేహితులకు వెళ్లిపోయి ఉంటాయి. ఆలస్యంగా పేరిచ్చినవాడికి పసిఫిక్‌లోని చిన్న ద్వీపదేశం నౌరూ దక్కుతుంది. మొత్తం వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు. అతగాడు మాత్రం అణు నిరాయుధీకరణ మీద రాత్రంతా చదివి వచ్చి ఉంటాడు.

అక్కడ ‘నేను’ అనకూడదు. ఉక్కపోస్తే ‘ఈ ప్రతినిధి కిటికీ తెరవాలని కోరుతున్నారు’ అనాలి. అధ్యక్ష స్థానంలో ఉన్న రెండో సంవత్సరం విద్యార్థిని అది సముచితమైన కోరికేనని ప్రకటించాలి. ఆ తర్వాతే కిటికీ. మధ్యాహ్నానికల్లా తీర్మానం ముసాయిదా సిద్ధమవుతుంది. అది ఎన్ని పేజీలున్నా ఒకటే వాక్యం. ‘గుర్తుచేసుకుంటూ’, ‘పునరుద్ఘాటిస్తూ’, ‘గమనంలోకి తీసుకుంటూ’ అని సాగిపోతుంది గానీ, చేయవలసిన పని దగ్గరికి రావడానికి దానికి తొందర ఉండదు. ఆందోళన చాలా, తీవ్ర ఆందోళన కావాలా అన్నదానిమీద చర్చ గంటన్నర నడుస్తుంది. ‘తీవ్ర’ పక్షం నెగ్గుతుంది. సాయంత్రం, అప్పటిదాకా నోరు విప్పని శాశ్వత సభ్యదేశం తన అట్టముక్క ఎత్తి వీటో చేస్తుంది. ఉత్తమ ప్రతినిధి బహుమతి ఆ సభ్యుడికే ఇస్తారు, అది అన్యాయమని కూడా ఎవరికీ అనిపించదు.

పిల్లలాటని నవ్వుకునేవారు పెద్దలేం చేశారో కాస్త కనుక్కోవాలి. వియత్నాం యుద్ధం ఆపడానికి 1968 చివర్లో పారిస్‌లో చర్చలకు కూర్చోబోయిన నాలుగు పక్షాలకు బల్ల ఏ ఆకారంలో ఉండాలో తేలలేదు. దక్షిణ వియత్నాంలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారులైన వియత్ కాంగ్ ప్రతినిధులు తమను సమాన పక్షంగా కూర్చోబెట్టాలన్నారు, సైగాన్‌లోని దక్షిణ వియత్నాం ప్రభుత్వం ససేమిరా అంది. వారాలు గడిచాయి, యుద్ధం మానాన యుద్ధం సాగింది. చివరికి 1969 జనవరిలో ఒక గుండ్రటి బల్ల, దానికి అటూ ఇటూ రెండు చిన్న దీర్ఘచతురస్రాకారపు బల్లలు ఖాయమయ్యాయి. ఆ లెక్కన కిటికీ సంగతి ఒక్కపూటలో తేల్చిన పిల్లలు ఘనులే.

ఇక సిద్ధాంతాలు. ప్రధానంగా మూడు. వాస్తవికవాదం ప్రకారం దేశాలన్నీ బలం కోసం పాకులాడతాయి. ఉదారవాదం ప్రకారం వ్యాపారం, సంస్థలు పెరిగేకొద్దీ కలిసి బతకడం నేర్చుకుంటాయి. నిర్మాణవాదం ప్రకారం మిత్రుడు, శత్రువు అన్నవి దేశాలు తమకు తాము కల్పించుకున్నవి. (పొరుగువాడు శత్రువు, అతని అవతలి పొరుగువాడు మిత్రుడు అని కౌటిల్యుడు ఎప్పుడో చెప్పాడు. ఆయనకు ‘పాశ్చాత్యేతర దృక్పథాలు’ అనే వారంలో చోటిచ్చారు. ఆ వారం సెలవులొస్తే అదీ లేదు.) వీటి గొప్పతనమేమిటంటే ఏదీ ఓడిపోదు. ఒక దేశం పొరుగుదేశం మీదికి దండెత్తితే వాస్తవికవాది ‘నేను ముందే చెప్పాను’ అంటాడు. దండెత్తకపోతే బలాబలాల సమతూకం పనిచేసిందంటాడు. జరిగినా జరగకపోయినా రుజువయ్యే శాస్త్రాన్ని తప్పుపట్టడం ఎవరి తరం?

అయితే ఈ చదువు పుట్టింది వివరించడానికి కాదు, ఆపడానికి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, మళ్లీ అలాంటిది జరగకూడదన్న సదాశయంతో 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే తొలి ఆచార్య పీఠం నెలకొల్పారు. ఇరవై ఏళ్లకు రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పీఠం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా పండితులు అటు క్షిపణులు, ఇటు క్షిపణులు లెక్కపెట్టి ప్రచ్ఛన్నయుద్ధం ఎలా కొనసాగుతుందో వివరించారు. 1989లో బెర్లిన్ గోడ తెరుచుకుంది, 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. సిద్ధాంతకర్తల్లో దీన్ని ముందుగా పసిగట్టినవారి కోసం వెతకాల్సి వచ్చింది. ఇంకే విభాగమైనా నాలుగు రోజులు తలుపులు మూసుకుని కూర్చునేది. ఇక్కడ ‘మనమెందుకు ఊహించలేకపోయాం’ అన్నది కొత్త పరిశోధనాంశమైంది. ఇప్పుడది సిలబస్‌లో ఉంది, పరీక్షలో వచ్చే అవకాశం కూడా బాగా ఉంది.

పరీక్ష అంటే గుర్తొచ్చింది, సమాధానం రాసే పద్ధతి కూడా తెలుసుకోవాలి. ‘ఫలానాది దేశమేనా?’ అని అడుగుతారు. 1933 నాటి మాంటెవిడియో ఒడంబడిక ప్రకారం శాశ్వత జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం ఉండాలని మొదలుపెట్టాలి. తైవాన్‌కు ఈ నాలుగూ ఉన్నాయని చాలామంది వాదిస్తారని, అయినా దాన్ని గుర్తించిన దేశాలు కొన్నేనని ఒక పేజీ నింపాలి. ఒకవైపు ఇది, మరోవైపు అది అంటూ పోయి, అవునో కాదో చెప్పకుండా ముగించాలి. చెప్పినవాడికి మార్కులు తగ్గుతాయి. పరిణతి లేదంటారు.

ఈ పద్ధతి ఎంత ఉత్తమమైనదో అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న హేగ్‌లోనే తేలింది. 2008లో కొసావో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అది చట్టబద్ధమేనా అని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అంతర్జాతీయ న్యాయస్థానాన్ని సలహా అడిగింది. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010 జులైలో న్యాయస్థానం అభిప్రాయపడింది. మరి కొసావో దేశమైనట్టా, కానట్టా? ఆ ప్రశ్న తమను అడగలేదంది. ఇంతకన్నా నమూనా జవాబు ఏ గైడులో దొరుకుతుంది?

పట్టా చేతికొచ్చాక విద్యార్థి రాయబారి కావాలనుకుంటాడు. తీరా చూస్తే అమెరికా, బ్రిటన్, భారత్ వంటి దేశాల్లో విదేశాంగ సర్వీసుకు ఫలానా డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. పక్కన రసాయనశాస్త్రం చదివినవాడు కూడా అదే పరీక్ష రాస్తుంటాడు, అదీ 1648 బాధ లేకుండా. అంతర్జాతీయ సంస్థల్లో చూద్దామంటే చాలాచోట్ల తొలి మెట్టుకే పీజీ, దానిమీద అనుభవం అడుగుతారు. ఆ అనుభవం కోసం ఐక్యరాజ్యసమితి సచివాలయంలోనే ఇంటర్న్‌షిప్ ఉంది. జీతం ఉండదు. ప్రయాణం, బస, తిండి ఇంటర్న్ చూసుకోవాలి. పనిచేసే ప్రతి ఒక్కరికీ న్యాయమైన ప్రతిఫలం పొందే హక్కుందని 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 23వ అధికరణ చెబుతోంది. ఆ ప్రకటనను ఆమోదించింది కూడా అదే సమితి.

ఇక్కడే మూడేళ్ల చదువు అక్కరకొస్తుంది. మామూలు మనిషైతే కోపం తెచ్చుకుని ఊరుకునేవాడు. మన పట్టభద్రుడు ముందు నిర్మాణవాదంతో మొదలుపెడతాడు. జీతమన్నది మనం కల్పించుకున్న భావనే కదా. ఉదారవాదం చూస్తే సంస్థకు పని, తనకు ధ్రువపత్రం, ఉభయతారకం. అప్పటికీ లోపల ఏదో గుచ్చుకుంటుంటే క్రీస్తుపూర్వం 416లో లొంగిపొమ్మని వచ్చిన ఏథెన్స్ దూతలు మెలోస్ దీవివాసులతో అన్నట్టుగా గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన మాట గుర్తు చేసుకుంటాడు. బలవంతులు తాము చేయగలిగింది చేస్తారు, బలహీనులు భరించక తప్పనిది భరిస్తారు. ఆ మాట విని లొంగనందుకు మెలోస్‌ను ఏథెన్స్ ముట్టడించి, మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మేసింది. మన పట్టభద్రుడు అంత దూరం తెచ్చుకోడు. దరఖాస్తులో ‘బస ఖర్చులు స్వయంగా భరించగలను’ అన్న గడిలో టిక్కు పెట్టి, ఈ పరిణామాన్ని గమనంలోకి తీసుకుంటూ, పంపించేస్తాడు.