రొయ్యకు ఏడో టేక్

టోక్యోలో సుమిదా నది మీద రాత్రిపూట తిరిగే యకతబునె పడవ ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. నాకే తెలియలేదు. ఇంటికి వేసినట్టు పైకప్పు, చూరు పొడుగునా ఎర్ర లాంతర్లు, లోపల తతామి చాపలు, చెప్పులు విప్పి కూర్చునే పొట్టి బల్లలు. ఇదంతా చూసి, భోంచేస్తూ నది చూడటానికేమో అనుకున్నాను. వెయ్యేళ్ల కిందటి హెయాన్ కాలపు దొరలు పడవెక్కి వెన్నెల చూసేవారట. పాపం, ఫోన్లు లేని రోజులు. కళ్లతోనే సరిపెట్టుకున్నారు.

ఆ లోటు మా ఎదుటి బల్ల పెద్దమనిషి పూడ్చాడు. మనవాడే. "హాయ్ ఫ్రెండ్స్, మీ బావ ఇప్పుడెక్కడున్నాడో చెప్పుకోండి చూద్దాం" అన్నాడు కాబట్టి సందేహం లేదు. ఆయన లైటు వెలిగించగానే మా వైపు కిటికీ అద్దాలన్నిట్లో ఆయన మొహమే. నది కావాలంటే ఆయన చెవి పక్కన కాస్త కనిపించేది. 634 మీటర్ల స్కైట్రీ టవరు కూడా ఆయన క్రాపు వెనక్కి సర్దుకుంది.

ఇక రొయ్య. పిండిలో ముంచి వేయించిన వేడి వేడి టెంపురా రొయ్యని తోక పట్టుకుని లేపాడు, ముల్లంగి కోరు కలిపిన పులుసులో ముంచాడు, నోటిదాకా తెచ్చి కళ్లు మూసుకుని "అబ్బబ్బ" అన్నాడు. కొరకలేదు. "ఏవండీ, లాంతరు పడలేదు, మళ్లీ" అంది ఆవిడ. మళ్లీ ముంచాడు. మూడోసారి వంతెన అడ్డొచ్చింది. అయిదోసారి పిల్లాడి తల అడ్డొచ్చింది, వాడు "ఆకలి" అన్నాడు, ఆ మాట ఆడియో పాడుచేసింది. ఏడో టేకుకి రొయ్య ఒంటిమీది పిండి చొక్కా కాస్తా జారి గిన్నెలో పడింది. ఆ బోడి రొయ్యని కెమెరాకి చూపిస్తూ ఆయన: "ఏం క్రిస్పీగా ఉంది ఫ్రెండ్స్!"

నవ్వొచ్చింది, నిజమే. కానీ ఆ వంట మనిషిని చూశాక పోయింది. ఆయనకి డెబ్భై ఏళ్లుంటాయి. పడవ వెనకాల ఇరుకు వంటింట్లో, కాళ్లకింద నేల ఊగుతుంటే నూనె కాచి, రెండేసి ముక్కలు దించి, చల్లారకముందే పరుగున తెస్తున్నాడు. యుద్ధం, ఆ తర్వాత నది కంపు ఈ పడవల్ని దాదాపు చంపేశాయి. తేరుకున్నాక, 2020 జనవరిలో ఇలాంటి పడవలోనే జరిగిన టాక్సీ డ్రైవర్ల కొత్త సంవత్సరం విందులో కరోనా పాకిందని బయటపడి బుకింగులన్నీ రద్దయ్యాయి. అన్ని గండాలు దాటొచ్చిన మనిషి వేడి అనగో చేప పట్టుకుని నీ ముందు నిలబడితే, ఫ్రేములోకి రావద్దని చేత్తో అదిలిస్తావా? ఎవడివయ్యా నువ్వు? ఆయన వండింది తినడానికి! ముందు తిను, తర్వాత నీ చావు నువ్వు చావు!

పైకి అనలేదు లెండి. ఒదైబా దగ్గర పడవ ఆపితే అందరం డెక్ ఎక్కి రెయిన్‌బో బ్రిడ్జి చూశాం, అదీ ఆ పెద్దమనిషి భుజం మీదుగా. కిందికొచ్చేసరికి ఆ బల్ల మీద ముక్కలన్నీ చల్లబడి మెత్తబడి ఉన్నాయి. ముసలాయన వంగి దణ్ణం పెట్టి పళ్లెం తీసుకెళ్లాడు.

ఒడ్డున బూట్లు తొడుక్కుంటుంటే పెద్దమనిషి నా పక్కకొచ్చాడు.

"ఏమండీ, ఇక్కడ దగ్గర్లో తినడానికేమైనా దొరుకుతుందా? కడుపు కాలిపోతోంది."